సెయింట్ లూయిస్ వాళ్ళకి ఇచ్చేద్దాం

జనవరి నెలాఖరు గురువారం. పొద్దున్నే చర్చి వంటగదికి వెళ్ళి, మర్నాటి విందుకు క్యాబేజీ తరిగేసి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాలని ఎడ్మండ్ చెష్లాక్ అనుకున్నాడు. మిల్వాకీ దక్షిణపు వాడలోని ఆ చర్చిలో ప్రతి శుక్రవారం సాయంత్రం వేయించిన చేపలు, ఆలుగడ్డ అట్లు పెడతారు. ఆ వంటగదికి పెద్ద ఎడ్మండే.

చేపలకన్నా అతనికి బేస్‌బాల్ ముఖ్యం. ఆటలు లేని చలికాలంలో పని మరీ ఎక్కువ. జట్టులో ఎవరిని ఉంచాలో, ఎవరిని సాగనంపాలో, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలో అన్నీ తనే తేల్చాలి. జట్టు యజమానులు అతన్ని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. అది వాళ్ళ దురదృష్టమని అతని నమ్మకం.

ఆ రోజూ క్యాబేజీ తరుగుతూ తమ్ముడు నార్బర్ట్‌తో ఫోన్లో అదే మాట్లాడుతున్నాడు. "మూడోదాని దగ్గర నిలబడే ముసలాయన్ని ఇంక పంపేయాల్సిందేరా. చేతులు వణుకుతున్నాయి. ఏదొచ్చినా జారవిడుస్తున్నాడు. మంచోడే, కాదన్లేదు. మంచితనంతో గెలుస్తామా? సెయింట్ లూయిస్ వాళ్ళకి ఇచ్చేద్దాం. ఆ ఎడంచేతివాటం వాడా? వాడొక్కడికీ ఎవరేం ఇస్తారు! ముసలాయనతో పాటు కొసరుగా పడేద్దాం."

పక్క హాల్లో బల్లలు సర్దుతున్న డోలోరెస్‌కు ఈ మాటలన్నీ వినపడ్డాయి. సెయింట్ లూయిస్ అనే ఊరికి ఒక జట్టుందని ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆమెకు తెలిసిన సెయింట్ లూయిస్ నదికి అవతల ఉన్న చర్చి. శుక్రవారం విందులో వీళ్ళకు పోటీ. ఇక్కడ మూడో పొయ్యి దగ్గర అట్లు పోసేది హర్బ్ నోవిట్స్కీ. అతని చేతులు వణికే మాట నిజమే. ఎడంచేత్తో వడ్డించే క్లారెన్స్ ఆమె సొంత మొగుడు.

"హర్బ్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేస్తున్నారు. నిన్ను కూడా," అంది ఇంటికెళ్ళి.

"నాకు బదులు ఎవరొస్తారంట?"

"ఎవరూ రారు. నువ్వు కొసరు."

క్లారెన్స్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళు వడ్డించాను కదే. కొసరా?"

హర్బ్‌కు ఫోన్ చేసి చెప్పిందీ డోలోరెస్సే. అతని భార్య ఐరీన్ కిందటి చలికాలంలో పోయింది. ఆ తర్వాత అతను శుక్రవారం కోసమే వారమంతా గడుపుతున్నాడు. "ఒకళ్ళు ఇవ్వడమేంటి? నా కాళ్ళతో నేనే పోతాను," అన్నాడు. సాయంత్రం వచ్చి తన ఇనప పెనం తీసుకుని వంతెన దాటి వెళ్ళిపోయాడు. క్లారెన్స్ అతని వెనకే వెళ్ళాడు. ఈ కబురు విన్న మిగతావాళ్ళు, తమ వంతు వచ్చేలోగా తామే మానేయడం మర్యాదనుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ఎడ్మండ్ వచ్చేసరికి వంటగదిలో ఫాదర్ జోరెక్ ఒక్కడే ఉన్నాడు. ముఖం గంభీరంగా ఉంది.

"ఆ ముసలాయన్ని పంపేద్దామన్నావట, నిజమేనా?"

తన ప్రణాళిక ఫాదర్ దాకా చేరినందుకు ఎడ్మండ్ సంతోషించాడు. "నిజమే ఫాదర్. మీకేమనిపిస్తోంది?"

"ఇన్నేళ్ళు మనకోసం నిలబడ్డాడయ్యా!"

"అదే కదా గొడవ. నిలబడతాడు. కదలడు."

"నీకు జాలి లేదా?"

"జాలి పడ్డవాళ్ళంతా అట్టడుగునే ఉన్నారు ఫాదర్."

ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. "ఐరీన్ పోయాక హర్బ్‌కు ఈ పొయ్యి తప్ప ఇంకేముంది?"

"హర్బా?" అన్నాడు ఎడ్మండ్. చేతిలో చేపల బుట్ట కింద పెట్టేశాడు. విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, తను చెప్పింది బేస్‌బాల్ గురించని ఫాదర్‌తో అరిచి, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా మంచులోకి పరిగెత్తాడు.

సెయింట్ లూయిస్ చర్చి ముందు జనం వీధి చివరిదాకా బారులు తీరి ఉన్నారు. సగం మంది ఎడ్మండ్ చర్చివాళ్ళే. అతని భార్య లొరేన్ కూడా వరసలో ఉంది.

"నువ్వు కూడానా?"

"మన దగ్గర వండే దిక్కు లేదు. ఆకలేస్తే ఏం చెయ్యమంటావ్?"

లోపల హర్బ్ అట్లు పోస్తున్నాడు. పక్కన క్లారెన్స్ వడ్డిస్తూ ఎడ్మండ్‌ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"హర్బ్, అది బేస్‌బాల్ గురించి! మన జట్టులో మూడో బేస్ దగ్గర నిలబడే మనిషి గురించి."

"తెలుసు. ఫాదర్ ఇందాకే ఫోన్ చేశాడు."

"మరింకేం? రా, పోదాం."

హర్బ్ అట్టు తిరగేశాడు. చెయ్యి వణికింది, అంచు పెనం మీద నుంచి జారింది. "చేతులు వణుకుతున్నాయన్న మాట డోలోరెస్ చెప్పగానే, అది నేనే అనుకున్నాను ఎడ్మండ్. అనుమానం కూడా రాలేదు. అందుకే రాలేను."

ఎడ్మండ్ టోపీ తీశాడు.

"వణుకుతాయి. ఐరీన్ పోయినప్పట్నుంచీ చూస్తున్నాను. అయినా పొయ్యి ఇంకొకరికి ఇవ్వాలని నాకెప్పుడూ తోచలేదు. ఆటలో అయితే తోస్తుంది. నీ దగ్గర తోచదు."

హర్బ్ ఆ అట్టు తీసి పళ్ళెంలో వేశాడు. తర్వాత ఆ వంటగది పెద్ద స్టెల్లా వైపు తిరిగాడు. "వెళ్ళమంటావా?"

స్టెల్లా చేతులు తుడుచుకుంది. "ఇంత జనాన్ని తెచ్చిన మనిషిని ఊరికే వదులుతానా? బదులు మనిషి కావాలి. అంట్లు తోమేవాళ్ళు లేరు నాకు."

"ఇదిగో, ఇతన్ని తీసుకో," అన్నాడు హర్బ్. "ఒళ్ళు గట్టిదే. కాస్త వాగుతాడంతే."

"ఈస్టర్ దాకా?" అంది స్టెల్లా.

"ఈస్టర్ దాకా."

ఇద్దరూ చేతులు కలిపారు. ఎడ్మండ్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. క్లారెన్స్ ఏప్రన్ విప్పి అతని మెడలో వేశాడు.

మరుసటి శుక్రవారం హర్బ్ తన మూడో పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఎడ్మండ్ నదికి అవతల మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాడు. అక్కడి చేపలే కాస్త రుచిగా ఉంటాయన్న సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు.