సంసోను నిలబడిన చోటు

ఆ శనివారం పొద్దున రత్నరాజుకి ఉన్న ప్లాన్ ఒక్కటే, కారుకి స్నో టైర్లు వెయ్యడం. నవంబరు వచ్చేసింది. డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మొదటి మంచు ఏ రోజైనా పడేలా ఉంది. గరాజ్‌లో నాలుగు టైర్లూ దొర్లించుకుని, జాకీ చేతిలోకి తీసుకున్నాడో లేదో, వంటింట్లో ఫోన్ మోగింది.

"డాడీ, మీ బాస్!" అని దెబోరా కేకేసింది.

"రాజ్, గంటలో మీ ఇంటి ముందుంటాను" అన్నాడు గ్యారీ హోల్కమ్. "నీ కుక్కని ఎప్పుడు చూస్తానా అని మా నాన్న నిద్ర కూడా పోలేదు. వేటకి వచ్చే వాళ్ళంతా ఆరెంజ్ రంగు వేసుకోవాలి, మర్చిపోకు."

ఫోన్ పెట్టేసి రత్నరాజు జాకీతో సహా కుర్చీలో కూలబడ్డాడు.

తప్పు నిన్న లంచ్‌లో జరిగింది. ఆఫీసులో కార్ల బ్రేకుల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి రత్నరాజు. గ్యారీ తన కుక్క డ్యూక్ ఫొటోలు తీసి, "మాది మూడు తరాల కౌజు పిట్టల వేట. మా తాత కెంటకీ నుంచి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు పెట్టెలో సరైన బట్టలు లేవు గానీ, ఒళ్ళో వేటకుక్క పిల్ల ఉంది" అన్నాడు. అంతవరకూ సాండ్‌విచ్ తింటున్న రత్నరాజు, ఏం పూనిందో గానీ, "మాది అయిదు తరాలు" అన్నాడు.

అబద్ధం కాదు. దివిసీమలో వరి కోతలయ్యాక మినప చేలల్లోకి అతని తండ్రి జోసఫ్, నల్లోడు అనే కుక్కతో వెళ్ళేవాడు. నల్లోడు పిట్ట వాసన పట్టి నిలబడితే, జోసఫ్ వల పన్నేవాడు. అంతకుముందు తాత, ముత్తాత, ఆ పైన ఇంకో రెండు తరాల వాళ్ళూ అదే పని చేశారు. కానీ ఆ వేట రత్నరాజు ఒక్కనాడూ చూడలేదు. పలక పట్టే వయసులోనే మిషన్ హాస్టల్లో చేర్చి, "నువ్వు పుస్తకం పట్టుకోరా, వల నేను పట్టుకుంటా" అన్నాడు తండ్రి. వంశంలో డిగ్రీ పట్టుకున్న మొదటివాడు అతనే. వల పట్టుకోని మొదటివాడూ అతనే.

"అయితే నీకు కుక్క ఉందా?" అని అడిగాడు గ్యారీ.

"ఉంది. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు."

"గట్టిగా నిలబడుతుందా?"

"మా మాట వినపడేదాకా అడుగు కదపదు."

ఇదీ అబద్ధం కాదు. కాకపోతే అది అన్నం గిన్నె ముందు నిజం. "అయితే దాన్నోసారి మా పొలంలో వేటకి తీసుకెళ్దాం" అని గ్యారీ అంటే, మాటవరసకే అనుకున్నాడు.

ఆ కుక్క పేరు సంసోను. పాత యజమాని దాన్ని వేట కోసమే కొన్నాడు. పిట్ట కనపడితే చాలు, తుపాకీ ఎత్తేలోపలే మీదపడి మింగేస్తోందని విసిగిపోయి, వీళ్ళకి ఉచితంగా ఇచ్చేశాడు. వచ్చిన వారంలోనే అది పాస్టరుగారి పళ్ళెంలోంచి కోడి కాలు లాక్కుపోయింది. రత్నరాజు భార్య లూసీ ఆ అవమానం భరించలేకపోయింది. ఆ ఇంట్లో మావగారు జోసఫ్ ప్రార్థన ముగించి ఆమెన్ అనేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. అదే చట్టం సంసోనుకీ పెట్టింది. నెల తిరిగేసరికి గిన్నె ముందు పెట్టగానే సంసోను ముందుకాలు ఒకటి ఎత్తి, తోక కర్రలా బిగించి, శిలలా నిలబడిపోయేది. జోసఫ్ ప్రార్థన పొట్టిది కాదు. దివిసీమలో మొదలై, చుట్టాలందరినీ పేరుపేరునా పలకరించి, వీధిలో మంచు తీసే డ్రైవరు దాకా వచ్చేది. అయినా సంసోను కదిలేది కాదు. అది భక్తి అని లూసీ నమ్మకం.

"కుదరదని చెప్పెయ్యండి" అంది లూసీ సంగతి సగం విని.

చెప్పేద్దామనే లేచాడు రత్నరాజు. అంతలో డైనింగ్ టేబుల్ దగ్గర దెబోరా గొంతు వినిపించింది. "తాతా, నీ స్టోరీస్ కార్టూన్స్‌లా ఉంటాయి. కుక్క స్టాప్ అవుతుంది, పిట్ట కూర్చుంటుంది, నువ్వు నెట్ వేస్తావు. పిట్ట ఫ్లై అయిపోతుంది కదా? అది స్టుపిడ్ కాదు కదా?"

జోసఫ్ కాఫీ గ్లాసు పక్కకి జరిపి కిటికీలోంచి బయటికి చూశాడు. రెండేళ్ళ క్రితం ఈ ఇంటికి వచ్చాక ఆయన దగ్గర మిగిలినవి ఆ కథలే. ఇప్పుడు అవీ కార్టూన్లయ్యాయి. రత్నరాజు వెళ్ళనంటే ఆఫీసులో ఓ మాట పడతాడు, అది పర్లేదు. కానీ మనవరాలి దగ్గర తండ్రి మాట జన్మకి అబద్ధంగానే ఉండిపోతుంది.

"నాన్నా, లేవండి. కౌజు పిట్టల వేటకి వెళ్తున్నాం" అన్నాడు రత్నరాజు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి అర్థమైంది వాళ్ళు చేశారు. బాస్ స్వయంగా ఇంటికొచ్చి తీసుకెళ్తున్నాడంటే ప్రమోషన్ తప్ప ఇంకేముంటుందని లూసీ పులిహోర కలిపింది, కోడి వేపుడు డబ్బాలో సర్దింది. ఆరెంజ్ వేసుకోవాలన్నారు కాబట్టి కనకాంబరం రంగు పట్టుచీర కట్టి, దాని కింద స్నో బూట్లు తొడిగింది. జోసఫ్ కనకాంబరం రంగు బాత్ టవల్ తలకి చుట్టి, వల కోసం గరాజంతా గాలించాడు. చర్చి పిక్నిక్‌లో ఆడిన బ్యాడ్మింటన్ నెట్ దొరికింది. రత్నరాజుకి ఆ రంగు బట్ట ఏదీ లేదు. దెబోరా స్కూల్లో రోడ్డు దాటించే డ్యూటీకి వేసుకునే ఆరెంజ్ పట్టీ భుజానికి తగిలించుకున్నాడు.

ట్రక్కులోంచి దిగిన గ్యారీ ఈ ఊరేగింపు చూసి, నెట్ దగ్గర చూపు ఆపాడు.

"లంచ్ తర్వాత బ్యాడ్మింటనా? భలే!" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

హోల్కమ్ వాళ్ళ పొలం ఒహాయో సరిహద్దు దగ్గర ఉంది. గ్యారీ తండ్రి ఎర్ల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొడుగాటి ముసలాయన, అరిగిన కాన్వాస్ కోటు, పక్కన విగ్రహంలాంటి కుక్క డ్యూక్. రత్నరాజుని పలకరించకముందే వంగి సంసోనుని తల నుంచి తోక దాకా తడిమాడు.

"ఎముక బాగుంది. మెదడు సంగతి చూద్దాం" అన్నాడు.

తుపాకులు హోల్కమ్ తండ్రీకొడుకుల దగ్గరే ఉన్నాయి. "నువ్వు కుక్కని నడిపించు రాజ్, చాలు" అన్నాడు గ్యారీ. ఇది బతికించింది అనుకున్నాడు రత్నరాజు. ఇంతలో జోసఫ్ కంచె దగ్గరికి నడిచి, అవతలి పొదలు చూపించి, దెబోరా చేతిలో నెట్ ఒక కొస పెట్టాడు.

"గాలి ఇటు కొడుతోంది. లేచిన పిట్ట ఆ పొదల వైపే పోతుంది. ఇక్కడ నిలబడదాం బుజ్జీ."

"తాతా, ఇట్ ఈజ్ ఫ్రీజింగ్."

"పిట్టకి మాత్రం చలెయ్యదా? నిలబడు."

నెట్ అడ్డంగా పట్టుకుని, జోసఫ్ రెండో చెయ్యి నోటి దగ్గర దొన్నెలా చేసి, దివిసీమ కౌజు పిట్టలా కూశాడు. పొలమంతా నిశ్శబ్దం. మళ్ళీ కూశాడు.

"తాతా, వాటికి తెలుగు రాదు" అంది దెబోరా.

గ్యారీ నవ్వు ఆపుకోడానికి బూటు లేసు కట్టుకున్నాడు. రత్నరాజు చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడే సంసోను ఆగింది. గడ్డి దుబ్బు దగ్గర ముందుకాలు ఒకటి లేచింది. తోక బిగిసింది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా గీత గీసినట్టు నిలబడిపోయింది.

"పాయింట్!" అన్నాడు ఎర్ల్ గుసగుసగా. పిట్ట ఉన్న చోటు చూపిస్తూ కుక్క అలా నిలబడటాన్ని వాళ్ళు పాయింట్ అంటారు. ఒక కుక్క నిలబడితే రెండోది వెనకే నిలబడి గౌరవించాలి. డ్యూక్ నిలబడింది.

ఇక ఆచారం ప్రకారం, నిలబడిన కుక్క యజమానే ముందుకి నడిచి పిట్టలని లేపాలి. ఈ ముక్క రత్నరాజుకి తెలియదు. కుక్క కదలలేదు కాబట్టి తనూ కదలలేదు. తను కదలలేదు కాబట్టి మర్యాదకి హోల్కమ్‌లూ కదలలేదు. అందరూ అందరి కోసం ఎదురుచూశారు.

"నాన్నా, ఎంత నిబ్బరమో చూశావా?" అన్నాడు గ్యారీ.

"కుక్కదా, మనిషిదా?" అన్నాడు ఎర్ల్.

ఇంతలో వేపుడు డబ్బాతో లూసీ వచ్చింది. ఒక్క చూపుతో సంగతి గ్రహించింది.

"ఏమండీ, దాన్నలా మాడ్చేస్తారేంటి? ఎదురుగా తిండి పెట్టుకుని పాపం ప్రార్థన కోసం చూస్తోంది!"

రత్నరాజు ఆమె వైపు తిరిగాడు. "ఆమెన్ అనెయ్యనా మరి?"

"ఒరేయ్ రత్నం!" కంచె దగ్గర్నుంచి జోసఫ్ గొంతు ఖంగుమంది. "ప్రార్థన లేకుండా ఆమెన్ ఏంట్రా? గుడ్డ లేకుండా గుండీ కుట్టినట్టు!"

ఆయన కళ్ళు మూసుకుని, నెట్ వదలకుండా, మొదలుపెట్టాడు. దివిసీమ అయింది. చుట్టాలయ్యారు. మంచు తీసే డ్రైవరు అయ్యాడు. కొత్తగా ఈ పొలం, దాని ఆసామి, ఆసామి ఇల్లు, ఆసామి ఒళ్ళు వచ్చి చేరాయి.

"ఏమంటున్నాడు?" అని దెబోరాని అడిగాడు ఎర్ల్.

"మీ మోకాళ్ళ కోసం ప్రే చేస్తున్నారు. గేటు దగ్గర మీరు కుంటడం చూశారట."

ఎర్ల్ పేలకుండా తుపాకీ మధ్యకి మడిచి మోచేతి మీద వేసుకుని, టోపీ తీశాడు. గ్యారీ కూడా అలాగే చేశాడు. కాసేపటికి డ్యూక్ ఓపిక నశించింది. మూడు తరాల కెంటకీ పెంపకం పక్కన పెట్టి చతికిలబడి చెవి గోక్కుంది. ఎర్ల్ ఒక కన్ను తెరిచి అది చూసి, సిగ్గుతో మళ్ళీ మూసుకున్నాడు. సంసోను రెప్ప కూడా వెయ్యలేదు.

"...నీ నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్!" అన్నారు రత్నరాజు, లూసీ, దెబోరా అలవాటు కొద్దీ గట్టిగా.

సంసోను గడ్డి మీదకి ఎగిరింది. నేల పగిలినట్టు బుర్రుమని పిట్టల గుంపంతా లేచింది. హోల్కమ్‌ల చేతుల్లో టోపీలున్నాయి, తుపాకులు మడిచి ఉన్నాయి. ఒక్క గుండూ పేలలేదు. గుంపు సరిగ్గా జోసఫ్ చెప్పిన పొదల వైపే పోయింది. చివరగా లేచిన పిట్ట ఒకటి నేరుగా వచ్చి నెట్‌లో పడింది. దెబోరా కెవ్వుమంది గానీ కొస వదల్లేదు.

జోసఫ్ వంగి, మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి, రెక్కలు అరచేతిలో ఒదిగేలా పిట్టని పట్టుకున్నాడు. అది గింజుకోలేదు. గుప్పెట్లో పెట్టుకున్న నిమ్మకాయలా కుదురుగా ఉంది.

"ఇదేరా రత్నం" అన్నాడు.

నలభై ఏళ్ళు వచ్చిన రత్నరాజు మొదటిసారి తండ్రి చేతిని పనిలో చూశాడు. తన పరీక్ష ఫీజులు కట్టిన చెయ్యి అది. భుజం మీది స్కూలు పట్టీ సర్దుకున్నాడు.

"తాతా, నువ్వు నిజంగానే చేశావు!" అంది దెబోరా. "కార్టూన్ కాదు!"

"మొదటి పిట్ట దేవుడిది. మా నాన్నా వదిలేవాడు" అని ఆయన చెయ్యి మనవరాలి ముందుకి చాపాడు. దెబోరా వేలితో దాని తల నిమిరింది. ఆయన గుప్పిట విప్పాడు. పిట్ట పొదల వైపు ఎగిరిపోయింది. దాని వెంటపడబోయిన సంసోను లూసీ చూపు చూసి ఆగిపోయింది.

ఎర్ల్ మెల్లగా టోపీ పెట్టుకున్నాడు. "బుద్ధెరిగిన దగ్గర్నుంచి వేటలోనే ఉన్నాను. ఇంతసేపు పాయింట్ పట్టిన కుక్కని చూడలేదు. ఎవరు నేర్పారు దీనికి?"

దెబోరా అమ్మ వైపు చూపించింది. పట్టుచీరలో, స్నో బూట్లలో, వేపుడు డబ్బా పట్టుకుని నిలబడ్డ లూసీకి ఎర్ల్ హోల్కమ్ టోపీ మళ్ళీ తీశాడు.

"మా ఇంట్లో అందరికీ అదే ట్రైనింగ్" అంది లూసీ తల ఎత్తి. "ఈయనకి కూడా."

ఆ రోజు వేటలో దక్కింది కోడి వేపుడే. ట్రక్కు వెనక తలుపు దించి దాని మీదే తిన్నారు. ఎర్ల్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత గ్యారీ మాట తప్పకుండా నెట్ కట్టించి బ్యాడ్మింటన్ కూడా ఆడించాడు. బ్యాట్లు లేకపోతే డబ్బా మూతలతో ఆడారు. ప్రమోషన్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేముందు ఎర్ల్ గొంతు సవరించుకుని, డ్యూక్ తాడు తెచ్చి లూసీ చేతిలో పెట్టాడు.

"అమ్మా, రెండు వారాలు. దీనికీ కాస్త బుద్ధి చెప్పు."

లూసీ చెప్పింది. రెండు వారాల తర్వాత శిలలా నిలబడుతున్న డ్యూక్‌ని చూసి ఎర్ల్ కళ్ళు చెమర్చాయి. పదిమంది వేటగాళ్ళకి ఫోన్ చేసి చెప్పుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున రత్నరాజు మళ్ళీ జాకీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోన్ మోగింది.

"రాజ్, డ్యూక్ నిన్నటి నుంచి ఏమీ తినలేదు" అన్నాడు గ్యారీ, దిగులుగా. "గిన్నె ముందు కాలెత్తి నిలబడుతోంది. మేం ఇంగ్లీషులో ప్రార్థన చేశాం, ఆమెన్ అన్నాం. మా మొహాలు చూసి మళ్ళీ గిన్నె చూస్తోంది. నాన్న ఏడుపొక్కటే తక్కువ."

"దాని అలవాటు మావయ్యగారి గొంతు కదండీ" అంది లూసీ.

జోసఫ్ తలపాగా సర్దుకుని టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాడు. క్యాసెట్ ఒకవైపు చాల్లేదు, తిరగేయాల్సి వచ్చింది. ఎర్ల్ మోకాళ్ళు రెండోవైపు వచ్చాయి.

ఆ చలికాలమంతా హోల్కమ్ వారి పొలంలో వేట కెంటకీ కుక్కతోనూ, దివిసీమ ప్రార్థనతోనూ సాగింది. ఎర్ల్ పొద్దునా సాయంత్రం క్యాసెట్‌తో పాటు పెదవులు కదిపి కదిపి, క్రిస్మస్ నాటికి చుట్టాల పేర్లతో సహా కంఠతా పట్టేశాడు. దెబోరా స్కూల్లో 'మా ఇంటి ఆచారం' అని తాత వల వేట గురించి నిలబడి చెప్పింది. క్లాసులో ఎవరూ నమ్మలేదు. తాతని తీసుకెళ్ళి నిలబెట్టింది.

స్నో టైర్లు మార్చిలో, మంచు కరిగాక వేశారు.