కిటికీలో కూర్చున్నావిడ

మంగళవారం తెల్లవారుజామున టీ తాగుతూ మొగుడూ పెళ్లాం వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారం పదిన్నరకల్లా ఇల్లు మనుషులు కాపురముంటున్న ఇల్లులా కనబడాలి. నిజానికి ఆరేళ్లుగా వాళ్లిద్దరూ అందులోనే కాపురముంటున్నారు. కానీ ఆ సంగతి ఫైల్లోకి ఎక్కలేదు.

ఫైలు శిశుసంక్షేమ ఆఫీసరుగారిది. కిందటి నెల ఆయన మొదటిసారి వచ్చి, ఉన్న రెండు గదులూ చూసి, కుర్చీ అంచున కూర్చుని ఏదో రాసుకున్నాడు. ఆయన మంచినీళ్లు తాగే సందులో ఇల్లాలు ఆ రాసినదాన్ని తలకిందులుగానే చదివేసింది. ఇల్లు చిన్నది, ఎవరూ ఉంటున్నట్టు లేదు, అని ఉంది. చిన్నదన్నందుకు ఆమె నొచ్చుకోలేదు. రెండో ముక్క మాత్రం నెలరోజులుగా ఆమెను నిద్రపోనివ్వడం లేదు. శరణాలయంలో ఒక ఆరేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్లను తెచ్చి పెంచుకోవాలని వీళ్లు రెండేళ్లుగా కాగితాలు నింపుతున్నారు, మూడుసార్లు వెళ్లి చూసొచ్చారు. పిల్ల ఫోటో బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంది. బయటివైపు అంటించే ధైర్యం ఇంకా రాలేదు. ఆఫీసరుగారు రెండోసారి వచ్చి కూడా అదే ముక్క రాస్తే, పిల్ల వేరే ఇంటికి వెళ్లిపోతుంది.

ఇల్లాలిది బేకరీలో పని. తెల్లవారకముందే వెనకమెట్లు దిగి సందులోని బట్టీకి వెళుతుంది. మధ్యాహ్నం అవే మెట్లెక్కి వచ్చి, లోపలి గదిలో ఐదింటిదాకా ఒళ్లెరగకుండా నిద్రపోతుంది. అందుచేత ముందు వీధివాళ్లకు ఆమె ముఖం ఏ నెలకో ఒకసారి కనబడితే గొప్ప. ఆమె మొగుడు బట్టల దుకాణంలో అద్దాల కిటికీలు అలంకరిస్తాడు. అక్కడందరూ ఆయన్ని కిటికీ మాస్టారంటారు.

"ఇంటి సంగతి నాకొదిలెయ్. చలికాలం కిటికీలకు వాడిన పాత అలంకరణ సామానంతా గోడౌన్లో పారేయడానికి పెట్టారు. పైసా ఖర్చుండదు" అన్నాడు మాస్టారు.

"దూది మంచు నా పక్కమీద రాలకుండా చూడండి, చాలు" అందామె.

మాస్టారు పనిమంతుడే. వచ్చిన చిక్కల్లా ఆయన పనితోనే. ఇరవై ఏళ్లుగా ఆయన సర్దిన ప్రతిదీ వీధిలో నిలబడి చూసేవాళ్ల కోసం సర్దినదే. ముందు పట్టు కుచ్చులు, వెనక గుండుసూదులు. పైన పటారం లోన లొటారం అని ఇంకొకరినంటే తిట్టు, ఆయన విషయంలో అది ఉద్యోగం. ఇంటినీ ఆ పద్ధతిలోనే సర్దాడు. ముందుగది కిటికీకి మూడడుగుల లోపల అట్టపెట్టెలు విప్పి ఒక గోడ నిలబెట్టాడు. వీధివైపు దానికి వెచ్చని ఇటుకరంగు వేసి, పుస్తకాల అర గీశాడు. ఎండుటాకుల తోరణం, దూది మంచు, పసుపు గుడ్డ చుట్టిన దీపం, దాని పక్కన పడక్కుర్చీ అమర్చాడు. గోడకు ఇవతల, అంటే మనుషులుండే వైపు, "తడి తగలనీయరాదు" అని అచ్చువేసిన అట్ట మాత్రమే మిగిలింది. ఆ అట్టకు పిల్ల బట్టలకూ పుస్తకాలకూ గుడ్డసంచులు కుట్టి తగిలించాడు. పళ్లపెట్టెలు నాలుగు బోర్లించి, పాత రజాయి మడిచి పిల్లకు పడక చేశాడు. అది చూసి ఇల్లాలికి కళ్లు చెమర్చాయి. తర్వాత ఆ పడక మీద కూర్చుంది, సూది గుచ్చుకుని లేచింది.

సాయంత్రం మాస్టారు వీధిలోకి దిగి, అవతలి గట్టున నిలబడి చాలాసేపు చూశాడు. అన్నీ ఉన్నాయి, అయినా కిటికీ నిండలేదు. కిటికీ నిండాలంటే అందులో మనిషుండాలి. మళ్లీ గోడౌనుకు వెళ్లి ఆ మనిషిని రెండు ముక్కలుగా, రెండు విడతల్లో మోసుకొచ్చాడు.

అది దుకాణంలో నాలుగేళ్లుగా ఎవరూ వాడని ఆడబొమ్మ. విరగలేదు, రంగు పోలేదు. కానీ కొనడానికొచ్చినవాళ్లు దానివైపు వీపు పెట్టి నిలబడడానికి ఇష్టపడేవారు కారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. మాస్టారు దానికి పెళ్లాం స్వెట్టరు తొడిగి, పడక్కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో పుస్తకం పెట్టి, శాలువా కప్పాడు. చేతులు శాలువా కిందికే పోతాయి గనక మణికట్ల దగ్గర మర తిప్పి రెండూ ఊడదీశాడు. ఊరికే పోవడమెందుకని వాటిని వీధి తలుపు పక్కన గోడకు బిగించాడు, కోట్లు తగిలించుకోవడానికి.

ఇల్లాలు ఆ చేతులను చూసింది. వేళ్లు కొంచెం వంగి, ఎవరో ఏదో ఇస్తే పుచ్చుకోవడానికన్నట్టు ఉన్నాయి. శనివారం పొద్దున్నకల్లా బొమ్మ ఇంట్లో ఉండకూడదని మాత్రం చెప్పింది. మాస్టారు సరేనన్నాడు.

బుధవారం నుంచి కొద్దిగా తేడా మొదలైంది. మాస్టారు పొద్దున్నే బొమ్మ తల వంచి, పుస్తకం చదువుతున్నట్టు పెట్టి పనికి వెళ్లేవాడు. ఇల్లాలు ఐదింటికి లేచి, దీపం వెలిగించడానికి అట్టగోడకు దారిగా కోసిన రెక్క ఎత్తేసరికి ఆ తల వీధి మలుపు వైపు తిరిగి ఉండేది. ఆయనే అలా పెట్టి వెళ్లాడనుకుని, ఎక్కువసేపు చూడకుండా దీపం వెలిగించి వచ్చేసేది. ఆరింటికి మాస్టారు వీధిలోంచి చూసి, పెళ్లామే తిప్పిందనుకునేవాడు. తన పనిలో ఆవిడ చేయి పెట్టడం ఆయనకు నచ్చలేదు, అయినా గొడవెందుకని నోరు మూసుకుని మర్నాడు తల మళ్లీ వంచేవాడు. మూడు రోజులు ఇలాగే గడిచాయి. పెళ్లయిన కొత్తలోనైతే ఒకరినొకరు అడిగేసుకునేవాళ్లు.

ఎదురింటి మేడమీద ఉండేది రిటైరైన నర్సు. పలకరించిన ప్రతివాడి నోట్లోనూ థర్మామీటరు పెడుతుంది గనక వీధంతా ఆమెను థర్మామీటరమ్మ అంటారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. బుధవారమంతా ఆమె మొక్కలకు నీళ్లు పోస్తూ కిటికీలో ఆవిడను చూసింది. పుస్తకంలో పేజీ తిరగలేదు. సాయంత్రం కిందికి దిగి మాస్టారిని ఆపి, ఇంట్లో ఎలా ఉందని అడిగింది. ఆఫీసరుగారు ఇరుగుపొరుగును కూడా విచారిస్తాడని మాస్టారు విన్నాడు. ఇంట్లో ఎవరూ లేక కిటికీలో బొమ్మను కూర్చోబెట్టారని ఈవిడ చెబితే కొంప మునిగినట్టే.

"ఒంట్లో కొంచెం నలతగా ఉందండీ. కదలదు, మాట్లాడదు. మీరేం పలకరించకండి" అన్నాడు.

ఆ ఒక్క అబద్ధం చాలింది. గురువారం పొద్దున్న పొగమంచులో ఎదుటి కిటికీ మసకగా వెలుగుతుంటే, మాస్టారు పెళ్లాం ముఖం తడిగుడ్డతో తుడవడం థర్మామీటరమ్మ చూసింది. జుట్టు దువ్వాడు. స్వెట్టరు వదులుగా ఉన్నట్టుంది, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి ఆమె వీపులో గుచ్చాడు. ఆమె చలించలేదు. మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి, తృప్తిగా నవ్వుకున్నాడు. థర్మామీటరమ్మ చేతిలోని నీళ్లచెంబు దానంతటదే ఒరిగి, మొక్కకు బదులు ఆమె పాదాలు తడిశాయి.

శుక్రవారం ఆమె కింద బండి పెట్టుకునే ఇస్త్రీ అతన్ని కదిపింది. అమ్మగారిని చూసి ఇరవై రోజులైందన్నాడతను. మంగళవారం సాయంత్రం మాత్రం అయ్యగారు దుప్పటి చుట్టిన మూట ఏదో రెండు విడతలుగా పైకి మోసుకెళ్లాడని చెప్పాడు. ఒక విడతలో దుప్పటి కిందనుంచి పాదాలు కనిపించాయనీ, ఆ రాత్రి తనకు అన్నం సయించలేదనీ కూడా చెప్పాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని థర్మామీటరమ్మ కోప్పడింది. వాళ్లది నెలవారీ ఖాతా అన్నాడతను.

శనివారం తొమ్మిదిన్నరకు మాస్టారు మాట ప్రకారం బొమ్మను తీసేయడానికి అట్టగోడ రెక్క ఎత్తాడు. తల మళ్లీ మలుపు వైపే ఉంది. రాత్రి తనే స్వయంగా వంచాడు, ఇల్లాలు చీకటితోనే బట్టీకి వెళ్లింది. ఆమె వెళుతూ తిప్పి ఉంటుందని సర్దిచెప్పుకుని, రెండు చేతులతో తల పట్టుకుని మర తిప్పాడు. తల ఊడి చేతిలోకొచ్చింది. సరిగ్గా ఆ క్షణంలో కళ్లెత్తి చూస్తే ఎదురింటి మేడమీద థర్మామీటరమ్మ నిలబడి ఉంది. ఏం చేయాలో తోచక మాస్టారు మర్యాదగా నవ్వాడు.

పది నిమిషాల్లో మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ముందు పోలీసు, వెనక ఇస్త్రీ అతను, అతని చొక్కా పట్టుకుని థర్మామీటరమ్మ. పోలీసు లోపలికొచ్చి, అలవాటుగా టోపీ తీసి పక్కనున్న కొక్కేనికి తగిలించాడు. తర్వాత ఆ కొక్కేనికి గోళ్లున్నాయని గమనించాడు. టోపీ తిరిగి తీసుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"మీ ఆవిడెక్కడ?" అన్నాడు గోడకు దూరంగా జరిగి.

తల ఇంకా మాస్టారి చంకలోనే ఉంది. ఆయన నోరు తెరిచేలోగా వాకిట్లో ఇంకో గొంతు వినబడింది. ఆఫీసరుగారు ముప్పావు గంట ముందే వచ్చేశాడు. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో ఆరేళ్ల పిల్ల చేయి. లోపలి గుంపును చూసి ఆయన కోటు విప్పి గోడమీది రెండో చేతికి తగిలించాడు. ఆయన కళ్లద్దాలు మెట్లెక్కేసరికి మసకబారాయి గనక అదేమిటో ఆయనకు కనబడలేదు.

అప్పుడు వెనకమెట్ల తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఇల్లాలు వచ్చింది. ఆలస్యమవుతుందని బట్టీలోంచి పరుగున వచ్చేసరికి జుట్టూ ముఖమూ కనుబొమలూ అన్నీ పిండితో తెల్లగా ఉన్నాయి. వెనకనుంచి చలిగాలి, చేతిలో రొట్టె నుంచి పొగ. ఇస్త్రీ అతను పళ్లపెట్టెల మీద కూలబడి, సూది గుచ్చుకుని, లేచాడు. థర్మామీటరమ్మ మాత్రం నలభై ఏళ్ల సర్వీసు చేసిన మనిషి. ముందుకొచ్చి ఆ తెల్లముఖం నోట్లో థర్మామీటరు పెట్టి, గడియారం చూసి, తీసి వెలుతురులో పట్టుకుంది.

"బతికే ఉంది" అంది, కొంచెం నిరాశగా.

జరిగినదంతా చెప్పడానికి మాస్టారికి చాలాసేపు పట్టింది. తలను బల్లమీద పెట్టి, తలవంచుకుని మొదటినుంచీ చెప్పాడు.

"ఎవరూ ఉంటున్నట్టు లేదని మీరు రాశారు సార్. ఉన్నట్టు కనబడాలని ఇలా చేశాను. పిల్లను మాకివ్వరేమోనని భయమేసింది. ఆవిడ తప్పేం లేదు."

ఆఫీసరుగారు ఫైలు తెరిచి కలం మూత తీశాడు. ఇల్లాలు రొట్టెను గుండెకు హత్తుకుని ఆ కలం కొననే చూస్తోంది. ఆయన ఆ పాత ముక్క మీద అడ్డంగా గీత గీశాడు.

"నేను ఇరవై ఏళ్లుగా ఇళ్లు చూస్తున్నానండీ. ఈ ఇంట్లో మూడు రోజులు మనిషి కదలకపోతే వీధివాళ్లు పోలీసును వెంటబెట్టుకుని వచ్చారు. నేనుండే చోట మూడు నెలలైనా ఎవరూ రారు. పిల్లను ఇంతకంటే భద్రంగా ఎక్కడ పెడతాను? సోమవారం పంపిస్తాను" అన్నాడు.

ఇల్లాలు ఏడ్చింది. పిండి మీద రెండు చారలు పడ్డాయి. థర్మామీటరమ్మ తను చూస్తూనే ఉంటానని ఆఫీసరుగారికి మాటిచ్చింది, ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. అప్పుడు అందరికీ పిల్ల గుర్తొచ్చింది. పిల్ల గదిలో లేదు.

అట్టగోడ రెక్క ఎత్తి చూస్తే అక్కడుంది. తల లేని బొమ్మ పక్కన పడక్కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, జారిన శాలువా సర్దుతోంది.

"ఇక్కడ భయం వేయలేదా తల్లీ?" అని ఇల్లాలు మోకాళ్ల మీద కూర్చుని అడిగింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఈవిడ నాకు తెలుసు. మా బడి బస్సు నాలుగింటికి ఆ మలుపు తిరిగి వస్తుంది. రోజూ మా బస్సు కోసమే చూస్తుంది. నేను చేయి ఊపితే తనూ ఊపుతుంది."

మొగుడూ పెళ్లాం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి వీధి తలుపు వైపు చూశారు. గోడమీద ఒక చేతికి పోలీసు టోపీ, ఇంకో చేతికి ఆఫీసరుగారి కోటు వేలాడుతున్నాయి. తలుపు వేసే ఉంది, గాలి లేదు, అయినా కోటు చాలా మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

పిల్ల సోమవారం వచ్చేసరికి బొమ్మకు తలా చేతులూ బిగించి ఉన్నాయి, కోట్లకు గోడమీద రెండు మేకులున్నాయి. ఎందుకు మార్చావని ఎవరైనా అడిగితే, లెక్క చూస్తే మేకులే చవకని మాస్టారు చెబుతాడు.