ఖాళీ ఫ్లాట్‌లో నీళ్ళు

ఆ శనివారానికి రంగనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా నలభై ఎనిమిది ఉత్తరాలు నలభై ఎనిమిది తలుపుల కిందనుంచి లోపలికి వెళ్ళాలి. తొమ్మిదింటికి దోసెలు తినాలి. పదింటికి ఆన్‌లైన్ క్లాసులో కూర్చుని "ప్రయోగం మొదలైంది సార్" అని చెప్పాలి. అంతే.

రంగనాథ్‌ది ప్రొద్దుటూరు. వయసు నలభై నాలుగు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. ఇకమీదట టెస్టింగ్ పని మనుషులు చెయ్యక్కర్లేదని పైవాళ్ళు మీటింగులో నవ్వుతూ చెప్పారు. ఆ మర్నాడే అతను ఎకనామిక్స్, డేటా సైన్స్ కలిపి చెప్పే పీజీ కోర్సులో చేరిపోయాడు. క్లాసులో మిగతావాళ్ళంతా ఇరవై మూడేళ్ళవాళ్ళు, అతన్ని అంకుల్ అంటారు. ప్రాజెక్టు గైడు సాయిచంద్‌కి నిండా ముప్పై లేవు. అతన్ని రంగనాథ్ సార్ అంటాడు. సాయిచంద్ మాత్రం రంగనాథ్‌ని రంగా అంటాడు.

ప్రాజెక్టుకి విషయం ఇంట్లోనే దొరికింది. గోపన్‌పల్లిలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో తొంభై ఆరు ఫ్లాట్లు, ఫ్లాటుకో నీటి మీటరు. వేసవి వస్తే బోర్లు ఎండిపోయి ట్యాంకర్లే దిక్కు. పొరుగింటికన్నా తామెక్కువ నీళ్ళు పారబోస్తున్నామని తెలిస్తే జనం సిగ్గుపడి తగ్గిస్తారా? సగం ఇళ్ళకి ఆ సంగతి ఉత్తరంలో చెప్పాలి, మిగతా సగానికి చెప్పకూడదు, తర్వాత తేడా చూడాలి. అసోసియేషన్‌లో అతను టెక్నికల్ మెంబరు కాబట్టి మీటర్ల లెక్కలన్నీ చేతిలోనే ఉన్నాయి. ఏ ఇంటికివ్వాలో కంప్యూటరే చీట్లు తీసినట్టు తీసింది. ఉత్తరాలూ అదే రాసింది. రంగనాథ్ ఒక్కొక్కటీ చదవలేదు. "ఇళ్ళను చూడొద్దు రంగా, మొత్తాన్ని చూడు" అని సాయిచంద్ మొదటి క్లాసులోనే చెప్పాడు.

ఉత్తరాల కట్ట వాచ్‌మన్ ఓదెలుకి ఇచ్చాడు. అదే సమయానికి ట్యాంకర్ రావడంతో ఓదెలు దాన్ని హౌస్‌కీపింగ్ ఎల్లమ్మ చేతిలో పెట్టాడు. ఎల్లమ్మకి అక్షరాలు రావు గానీ ఫ్లాట్ల నంబర్లు కళ్ళు మూసుకుని చెబుతుంది. రోజూ తుడిచే గుమ్మాలే కదా. అరగంటలో నలభై ఏడు ఉత్తరాలు పంచి, ఒక్కటి వెనక్కి తెచ్చింది.

"అన్నా, గీ అయిదు సున్న మూడుల ఎవ్వరు లేరు గద. తాళమేసుంది. నువ్వే వెట్టుకో" అంది.

తాళం వేసిన ఇళ్ళకి వచ్చే ఉత్తరాలన్నీ ప్రెసిడెంటుకి ఇవ్వాలని ఓదెలుకి రూలు. అతను రూలు తప్పే మనిషి కాదు.

తొమ్మిదింటికి రంగనాథ్ దోసె తుంచేలోపే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అంటుకుంది. 204లో అత్తగారు, తన స్నానాన్ని కోడలు చెంబులతో సహా కొలిచి కమిటీకి చెప్పిందని ఏడుస్తున్నారు. 407 వాళ్ళకి మీరు అందరికన్నా తక్కువ వాడుతున్నారని మెచ్చుకుంటూ నవ్వు మొహం బొమ్మ వెళ్ళింది. "మేము స్నానం చెయ్యమని ఊరంతా చాటిస్తున్నారా?" అని ఆ ఇంటాయన వాయిస్ మెసేజ్. ఉత్తరం రానివాళ్ళకి ఇంకా మండింది. "మేమేమన్నా మనుషులం కామా? మాకెందుకు ఇవ్వలేదు?" అని 309. "కమిటీ వాళ్ళకి కావల్సినవాళ్ళని వదిలేశారు" అని 112.

పదింటికి క్లాసులో రంగనాథ్ సంగతంతా చెప్పాడు.

"నీ కంట్రోల్ గ్రూప్ పాడైంది రంగా" అన్నాడు సాయిచంద్ కాఫీ తాగుతూ. "ఉత్తరం రానివాళ్ళకి విషయం తెలియకూడదు."

"ఇప్పుడు వాళ్ళే ఉత్తరం కావాలని మా తలుపు కొడుతున్నారు సార్."

"ఇంట్రెస్టింగ్. అది కూడా రికార్డ్ చెయ్యి."

పదకొండింటికి ప్రెసిడెంటు ఈశ్వరయ్య వచ్చాడు. కడప మనిషి, స్థలాల వ్యాపారంలో తల నెరిసినవాడు. చేతిలో 503 ఉత్తరం ఉంది.

"ఏమప్పా రంగనాథూ, గిరీష్ ఫ్లాటు ఖాళీగా ఉందా, ల్యాదా?"

"ఖాళీనే అన్నా. పూణే పోయి ఏడాదైంది. తాళంచెవి మా ఇంట్లోనే ఉంది."

"ఖాళీ ఇంట్లో దినానికి ఆరునూట పది లీటర్లు ఎవరు తాగుతాండారు మరి? సగటు కంటే ఎక్కువని నువ్వే రాసినావే!"

రంగనాథ్ ఉత్తరం చూశాడు. కింద తన సంతకమే ఉంది. గబగబా వంటింట్లోకి వెళ్ళి మేకు వంక చూశాడు. తాళంచెవి మేకుకే ఉంది. పక్కన అతని భార్య సుష్మ చట్నీ గిన్నె కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది.

"ఏదో లీకేజీ అయ్యుంటుంది, వదిలేయండి" అంది వెనక్కి తిరక్కుండా.

"లీకేజీ అయితే ఇరవై నాలుగు గంటలూ కారాల. గంటగంటకీ లెక్క తీస్తే తెలిసిపోతుంది."

"తీయకపోతే ఏం పోయింది? పైపులాయన్ని పిలిపిస్తే చాలదా?"

"నీకు తెలీదు సుష్మా. డేటా ఉండి కూడా ఊహించడం తప్పు."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే అతను లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గంటగంట లెక్క తెరమీదికి రాగానే అతని మొహం వెలిగిపోయింది. పొద్దున ఆరింటికి కొంచెం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా చాలా. ఆదివారాలు సున్నా. కోర్సులో చేరిన ఇన్నాళ్ళలో ఇంత చక్కటి గ్రాఫ్ అతనికి ఒక్కటీ రాలేదు. వెంటనే ఈశ్వరయ్యకి పంపాడు. ఈశ్వరయ్య గ్రూపులో పెట్టాడు. "503లో ఎవరో మకాం పెట్టినారు. ఒంటిగంటకు క్లబ్‌హౌస్‌లో అత్యవసర సమావేశం. అందరూ రావాల."

"సాయంత్రం పెట్టుకోమనండి" అంది సుష్మ. ఆమె గొంతు మారింది. "ఒంటిగంటకేంటి, అన్నాల వేళ!"

"సాయంత్రం నాకింకో క్లాసుంది" అన్నాడు రంగనాథ్, ప్రొజెక్టర్ వైరు చుట్టుకుంటూ.

అతను వెళ్ళాక సుష్మ తాళంచెవి దాచేద్దామని వంటింట్లోకి పరుగెత్తింది. మేకు ఖాళీగా ఉంది. చెత్త డబ్బా కూడా ఖాళీ అయ్యింది. ఎల్లమ్మ వచ్చి చెత్త తీసుకుని, రోజూలాగే తాళంచెవీ తీసుకుని వెళ్ళిపోయింది. సుష్మ ఫోన్ చేసింది. ఎల్లమ్మ ఫోను సుష్మ ఫ్రిజ్ మీదే చార్జింగ్‌లో ఉండి, గట్టిగా మోగింది. ఎల్లమ్మ ఇంకా చెత్త దగ్గరే ఉందేమోనని సుష్మ సెల్లార్‌కి పరుగెత్తింది.

క్లబ్‌హౌస్‌లో నలభై మందికి పైగా చేరారు. జనరల్ బాడీకి ఎన్నడూ పదిహేను మంది దాటరు. రంగనాథ్ గ్రాఫ్ చూపించాడు. ఆదివారం సున్నా దగ్గర వేలు పెట్టి, "చూడండి, ఎంత క్రమశిక్షణ! ఈ వ్యక్తి ఆదివారం సెలవు తీసుకుంటున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. అతనికి ఉత్సాహం వచ్చింది. "మీటరు ఇప్పటి లెక్క కూడా చూపిస్తుంది, ఉండండి" అని ఇంకో మీట నొక్కాడు. తెరమీద అంకెలు కదులుతున్నాయి. నాలుగు లీటర్లు. ఏడు. పదకొండు.

"ఇప్పుడే పోతాండాయిరా!" అని అరిచాడు ఈశ్వరయ్య.

లిఫ్టులో పట్టేది ఎనిమిది మంది. మిగతా జనం మెట్లమీద ఐదంతస్తులు ఎక్కారు. 204 అత్తగారు కూడా ఎక్కారు. సెల్లార్ నుంచి వచ్చిన సుష్మ వాళ్ళ వెనకే ఎక్కింది. తలుపు కొట్టగానే తెరుచుకుంది. ఎదురుగా తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఎల్లమ్మ. ఆమె వెనక ఖాళీ హాల్లో ఐదుగురు ఆడవాళ్ళు కింద గుండ్రంగా కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచారు. బాల్కనీలో ఆరు యూనిఫాం చీరలు ఆరేసి ఉన్నాయి. బాత్రూము అద్దానికి బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి.

ఒక డబ్బాలో పప్పు చల్లారుతోంది.

"ఏంది ఇది?" అన్నాడు ఈశ్వరయ్య.

"చెత్త ఎత్తినంక మోరీలు గడుగుతం సారూ. కాళ్ళు చేతులు గడుక్కోకుంట అన్నమెట్ల తింటం?" అంది ఎల్లమ్మ. "కింద సెల్లార్ల మాకున్న బాత్రూం జనవరిల తీసేసి కార్లకు చార్జింగ్ వెట్టిండ్రు గద. అప్పటిసంది పొద్దుగాల ఆరు నుంచి నాలుగు దాంక యాడికి వోవాలె మేము?"

జనవరి తీర్మానం రంగనాథ్‌కి గుర్తొచ్చింది. దానిమీద టెక్నికల్ మెంబరుగా సంతకం పెట్టింది తనే. ఆ వేళ అందరూ మాట్లాడింది కరెంటు లోడు గురించి. అక్కడున్న బాత్రూము ఎవరిదని ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు.

"తాళంచెవి ఎవరిచ్చినారు?" అన్నాడు ఈశ్వరయ్య.

ఎల్లమ్మ చూపు జనం మీదుగా ఒక్కసారి వెళ్ళింది. సుష్మ మీద ఆగలేదు. "ఎవ్వరియ్యలే. చెత్తకు వోయినప్పుడు నేనే అడగకుంట తీస్కున్న."

సుష్మ నోరు తెరిచింది. రంగనాథ్‌కి అప్పుడర్థమైంది. ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఎందుకు నొక్కాడో ఆలోచించే వ్యవధి లేదు, చెయ్యే నొక్కేసింది. సుష్మ నోరు మూసుకుంది. అంతే, దొంగతనం రుజువైపోయింది.

సాయంత్రానికల్లా ఆరుగురినీ తీసేశారు. ఓదెలు గేటు రిజిస్టర్‌లో వాళ్ళు వెళ్ళిన టైము రాసుకున్నాడు. ఎల్లమ్మ ఫోను తెచ్చివ్వడానికి సుష్మే గేటు దాకా వెళ్ళింది. "అమ్మా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని ఎల్లమ్మ అనడంతో ఆమెకి ఇంకా కష్టమైంది. ఇంటికొచ్చి రంగనాథ్‌తో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, ఉప్పూ పప్పూ గురించే.

మూడు నెలలు తిరిగాయి. ఉత్తరాలందిన ఇళ్ళు పది రోజులు పౌరుషానికి పోయి నీళ్ళు తగ్గించి, మళ్ళీ మామూలైపోయాయి. అయినా లెక్కలో రెండున్నర శాతం తగ్గుదల కనిపిస్తోంది. రంగనాథ్ ఈసారి ఒక్కో ఇల్లూ చూశాడు. తగ్గిందంతా ఒక్క 503లోనే.

"ఇది ఉత్తరం చదివి తగ్గించుకోవడం కాదు సార్. మనుషుల్నే తీసేశారు" అని చెప్పాడు సాయిచంద్‌కి.

"503 తీసేస్తే ఫలితం ఏమొస్తుంది?"

"ఏమీ రాదు సార్."

"అయితే ఉంచేద్దాం. కారణం కింద ఫుట్‌నోట్‌లో రాయి. చిన్న అక్షరాలు చాలు."

ఆ రోజు రంగనాథ్ ఏ సంగతీ తేల్చుకోకుండానే లాప్‌టాప్ మూశాడు. మర్నాడు కార్మిక శాఖ నుంచి ఒక అధికారిణి అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. పనివాళ్ళకి మరుగుదొడ్డి లేదని ఎవరో ఫిర్యాదు పెట్టారట. ఈశ్వరయ్య ఏమాత్రం కంగారు పడలేదు. కుర్చీ వేయించి, కొబ్బరి నీళ్ళు తెప్పించాడు.

"బాత్రూము లేకపోవడమేంది మేడమ్! మా పనోళ్ళకి త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటే ఇడిసిపెట్టినాము. దినానికి ఆరునూట పది లీటర్లు. లెక్కలుండాయి. రంగనాథూ, ఆ గ్రాఫు చూపీయప్పా."

రంగనాథ్ చూపించాడు. తన చేతులతో గీసిన గ్రాఫు, ఇప్పుడు దయకి సాక్ష్యం. అధికారిణి దాన్ని శ్రద్ధగా చూసింది.

"బాగుంది. మరి ఏప్రిల్ పన్నెండు తర్వాత సున్నా ఉందేంటి?"

"వేసవి సెలవులు మేడమ్" అన్నాడు ఈశ్వరయ్య తడుముకోకుండా.

ఆమె ఫైలు తెరిచింది. పైనే ఫిర్యాదు ఉంది. నీలం ఇంకు, ఏటవాలు అక్షరాలు. పదిహేడేళ్ళుగా పచారీ సామాన్ల చీటీల మీద చూస్తున్న చేతిరాత. రంగనాథ్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇక్కడ పట్టుకుని నొక్కడానికి ఎవరి చెయ్యీ లేదు.

"సెలవులు కావు మేడమ్. ఈ గ్రాఫ్ చూసే వాళ్ళని వెళ్ళగొట్టాం" అన్నాడు. "గీసింది నేను. బాత్రూము తీసేయమని సంతకం పెట్టింది కూడా నేనే. తాళంచెవి ఎవరూ దొంగిలించలేదు, మా ఇంట్లోంచే ఇచ్చారు."

ఈశ్వరయ్య కొబ్బరి బోండాం కింద పెట్టేశాడు. "ఎకనామిక్స్ చదువుకున్నోడివి, నష్టమెవరికో తెలీదాప్పా నీకు?" అన్నాడు పళ్ళ బిగువున.

పనిచేసే ఆడవాళ్ళకి నెలలోగా సెల్లార్‌లో మరుగుదొడ్డి, నీళ్ళతో సహా కట్టాలని ఆర్డరు వచ్చింది. కట్టారు కూడా. రంగనాథ్ 503ని లెక్కలోంచి తీసేసి, ఉత్తరాల వల్ల ఏమీ జరగలేదని రాసి సమర్పించాడు. అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. ఆ ఆదివారం సుష్మతో కలిసి ఎల్లమ్మని వెతుక్కుంటూ పాత గోపన్‌పల్లిలో ఆమె కిరాయికుండే గదికి వెళ్ళాడు.

"రా ఎల్లమ్మా. బాత్రూం కట్టించాం. టైల్స్ కూడా వేశారు" అన్నాడు.

ఎల్లమ్మ నవ్వింది. ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చింది. "నేనిప్పుడు గచ్చిబౌల్ల పెద్ద ఆఫీసుల చేస్తున్న సారూ. ఆడ బాత్రూములు అద్దాల లెక్క ఉంటయి. గని మేము లోపటికి వోయేటప్పుడు కార్డు గీకాలె, బయటికొచ్చేటప్పుడు గీకాలె. ఎంతసేపున్నమో కంప్యూటర్ల వడ్తది. జర లేటయితే సూపర్‌వైజర్ పిలుస్తడు."

"ఎవరు పెట్టారు అట్లాంటి పద్ధతి?" అంది సుష్మ.

"ఎవరో మంచిగ సదువుకున్న సారంటనమ్మా" అంది ఎల్లమ్మ, రంగనాథ్ కప్పులో ఇంకాస్త చాయ్ పోస్తూ. ఆమె మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

ఆమె రాలేదు. మిగతా ఐదుగురూ రాలేదు. అసోసియేషన్ కొత్త ఏజెన్సీని పెట్టుకుంది. ఆడవాళ్ళతో మళ్ళీ తలనొప్పి ఎందుకని ఏజెన్సీ అందరినీ మగవాళ్ళనే పంపింది. సెల్లార్‌లోని కొత్త గదికి 'మహిళలకు మాత్రమే' అన్న బోర్డు ఉంది కాబట్టి ఓదెలు దానికి తాళం వేసి ఉంచాడు.

ఆ నెల నీటి పొదుపులో ఆ గదికే మొదటి స్థానం వచ్చిందని ఈశ్వరయ్య గ్రూపులో పెడితే, నలభై మంది చప్పట్లు కొట్టారు.