ఫైరింజనుకు మోకు కట్టిన రోజు

ఆ పొద్దున హిందూపురం ఫైర్ సిబ్బంది ఇడ్లీలు తిని, చేతులు కడుక్కుని, ఫైరింజనుకు మోకు కట్టే పనిలో పడ్డారు. బండికి ఏ రోగమూ లేదు. తాళం తిప్పితే చాలు, ఊరంతా వినబడేలా లేచి కూర్చుంటుంది. అయినా సరే, దాన్ని స్టేషన్ నుంచి మార్కెట్ దాకా తాడుతో చేతులారా లాగి తీరాలని పదిమందీ పట్టుబట్టారు. ఇదంతా అన్నమ్మ కోసం.

అన్నమ్మ మార్కెట్ దగ్గర దోసెల కొట్టు నడిపేది. పోయిన ఏడాది కొట్టులో గ్యాసు అంటుకుంది. అందరూ బయటికి పరుగెత్తితే ఆమె ఒక్కతే లోపలికి పోయి, నిండు సిలిండరును రోడ్డు మీదికి ఈడ్చేసింది. ఆ వరుసలో ఉన్న దుకాణాలన్నీ మిగిలాయి. ఆమె చేతులు మాత్రం కాలిపోయి, వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. బెంగళూరు డాక్టరు చూసి, ఈ నెలలో ఆపరేషన్ చేస్తే వేళ్లు విచ్చుకుంటాయనీ, ఆలస్యమైతే తానేమీ చేయలేననీ తేల్చేశాడు. ఆ రోజు మంటలార్పింది వీళ్లే. డాక్టరు మాట విన్నప్పటినుంచి వీళ్లకు తిన్నది వంటబట్టడం లేదు.

అందుకని అగ్నిమాపక వారోత్సవాల్లో మూడు ఊళ్ల టీములూ తలా ఒక దారిన డబ్బు పోగుచేయాలని అనుకున్నాయి. ధర్మవరం టీము ఎవరినో బతిమాలి ఒక పట్టుచీర సంపాదించి లక్కీ డ్రా పెట్టింది. పెనుకొండ టీము నీళ్ల పైపులు భుజాన వేసుకుని కొండ ఎక్కుతామంది. అందరికన్నా ఎక్కువ తెచ్చిన టీముకు మిగతా రెండు టీములూ రాగిసంగటి, నాటుకోడి పులుసు వండిపెట్టాలి. "మీరేం పీకుతారబ్బా?" అని ధర్మవరం వాళ్లు ఫోన్లో నవ్వేసరికి, హిందూపురంలో సీనియర్ ఫైర్‌మన్ నల్లప్పకు రోషం పొడుచుకొచ్చి, "మేము బండినే లాగుతాం పో!" అనేశాడు. అనేశాక ఇంకేముంది, లాగాలి.

స్టేషన్ అధికారి ప్రియదర్శిని పద్ధతి గల మనిషి. పై అధికారి విజయ్ కుమార్‌కు ఫోన్ చేసి అనుమతి అడిగింది. ఆయన ఏదో మీటింగులో ఉండి, "ఏదో ఒకటి చేసుకోండమ్మా, నన్ను మాత్రం పిలవద్దు," అని పెట్టేశాడు. ఆమె దాన్ని అనుమతి కిందే జమ కట్టుకుంది.

"మేడం, ట్యాంకులో నీళ్లు దించేద్దామా? సగం బరువు తగ్గుతాది," అన్నాడు నల్లప్ప మోకు ముడి బిగిస్తూ.

"డ్యూటీలో ఉన్న బండి నల్లప్పా. చుక్క తగ్గడానికి లేదు."

"సరే, ఈ ఫ్లెక్సీ యాడ కట్టాల? ముందర కడదామా?"

డ్రైవర్ శామ్యూల్ ఒప్పుకోలేదు. "ముందర కడితే ఇంజనుకు గాలాడదన్నా. పక్కల కడితే పైపుల అరలు మూసుకుపోతాయి. కాల్ వస్తే ఫ్లెక్సీ విప్పుకుంటా కూర్చుంటామా? వెనకాల కట్టు."

నూటికి నూరుపాళ్లు వృత్తి ధర్మమే. కాకపోతే లోకంలో ఇంకెవరైనా ఫ్లెక్సీని జనానికి కనబడేలా కడతారు. వీళ్లు ఫైర్ వాళ్లు గనక, తలుపులకు అడ్డు రాకుండా కట్టారు. 'అన్నమ్మ చేతుల కోసం మా బండిని లాగుతున్నాం. మీ వంతు సాయం చేయండి' అన్న పెద్ద అక్షరాలన్నీ బండి వీపు మీద పడ్డాయి. దాని వెనకే అన్నమ్మ, గొడుగు కాడను మోచేతి మడతలో ఇరికించుకుని, సిగ్గుపడుతూ నడిచింది. ముందు మోకుకు ఒక హెల్మెట్టును తలకిందులుగా వేలాడదీశారు, దుడ్లు వేయడానికి.

శామ్యూల్ స్టీరింగు పట్టుకున్నాడు. మిగతావాళ్లు లాగారు. ఏప్రిల్ ఎండ, నిండు ట్యాంకు, పైగా రోడ్డు కొంచెం ఎత్తు. మార్కెట్ వీధిలోకి వచ్చేసరికి అందరి ముఖాలూ పీక్కుపోయాయి. చూస్తే అయ్యో అనిపించేలా ఉన్నారు.

అయ్యో అన్న మొదటి మనిషి జయరామయ్య. ఆయనది అదే వరుసలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. ఎవరికేం జరిగినా ముందుగా తనకే అర్థమవుతుందని ఆయన నమ్మకం.

"ఏమప్పా నల్లప్పా, బండినిట్ల లాగుతాండారేమి?"

నల్లప్పకు ఊపిరి ఆడడం లేదు. "సాయం... చేయన్నా," అని మాత్రం అనగలిగాడు.

జయరామయ్య బండిని చూశాడు, మోకును చూశాడు, హెల్మెట్టులోకి తొంగిచూశాడు. "డీజిల్‌కు గూడా దిక్కు లేదా!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"డీజిల్‌కు గాదన్నా..."

"చెప్పొద్దులే. గవర్నమెంటు ఉద్యోగం, నోరిప్పితే ఊడుతాది. నాకర్థమయితుంది." ఆయన జేబులో ఉన్న నోట్లన్నీ హెల్మెట్టులో కుక్కి, వీధి వీధంతా వినబడేలా కేకేశాడు. "చూడండప్పా మన గతి! మంటలొస్తే ఫైరింజనును మనమే లాక్కుపోవల్ల!"

అంతే. ఎవడో వీడియో తీశాడు. అది కర్ణాటక అంచున ఉన్న మడకశిర దాకా పోయి, అక్కడినుంచి కన్నడంలో వ్యాఖ్యానంతో తిరిగొచ్చింది. ఒక పార్టీ వాళ్లు వచ్చి ఈ పాపం మీదేనని అరిచారు. ఇంకో పార్టీ వాళ్లు వచ్చి మీ హయాంలో బండే లేదని అరిచారు. అరుచుకున్నాక ఇద్దరూ పోటీ పడి హెల్మెట్టులో వేశారు. ప్రియదర్శిని గొంతు చించుకుని, "డీజిల్ ఫుల్లుగా ఉంది! ఇది..." అని చెబుతూనే ఉంది. మిగతా మాట అరుపుల్లో కలిసిపోతోంది. "పాపం, ఆ పిల్లతో ఎంత అబద్ధమాడిస్తాండారో!" అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

వెనక్కి వెళ్లి ఫ్లెక్సీ చదివినవాడు ఒక్కడూ లేడు. మోకు ముందుంటే వెనక్కెవరు పోతారు?

కాసేపటికి ట్రాక్టర్ల వాళ్లూ ఆటోల వాళ్లూ క్యాన్లలో డీజిల్ మోసుకొచ్చి బండి చుట్టూ పెట్టారు. అది చూసి ఫైర్ వాళ్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. నడి ఎండలో, జనం మధ్యలో, డీజిల్ క్యాన్లు, వాటి పక్కన బీడీలు! "ఆర్పండి! బీడీలార్పండి! క్యాన్లు నీడకు పెట్టండి!" అని ప్రియదర్శిని పరుగులు పెట్టింది. క్యాన్లు అంత భద్రంగా దాచుకుంటున్నారంటే కరువు నిజమేనని జనానికి గట్టిగా నమ్మకం కుదిరింది. రెండో హెల్మెట్టు కూడా కట్టాల్సి వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు. పూలూ పండ్లూ అమ్ముకునే రామాంజినమ్మ అవ్వ ఒక ఎత్తు. ఆమెకు చూపు అంతంత మాత్రం. ఎర్రగా, ఎత్తుగా ఏదో వస్తోంది. దానికి మోకు కట్టి ఉంది. నూరు మంది లాగుతున్నట్టుంది. ఇంకేం కావాలి? అవ్వ మోకు తాకి కళ్లకద్దుకుని, కదిరి రథోత్సవంలో తేరు మీదికి విసిరినట్టే అరటిపండూ దవనమూ కలిపి బండి మీదికి విసిరింది. పండు తిన్నగా పోయి శామ్యూల్ ఒళ్లో పడింది.

"ఏ దేవుడవ్వా ఇది?" అని ఎవరో ఆటపట్టించారు.

"ఏ దేవుడైతేనేమి లేబ్బా! మన ఊర్లో ఇన్ని నీళ్లు మోసుకోని తిరిగేటోడు దేవుడు గాక ఎవరు?"

నీళ్లకు కటకటలాడే హిందూపురంలో ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. చక్రాల ముందు టెంకాయలు పగిలాయి. బానెట్టుకు పసుపూ కుంకుమా అంటుకున్నాయి. శామ్యూల్ చర్చిలో పాటలు పాడే మనిషి. అతను అరటిపండు పట్టుకుని ఏం చేయాలో తోచక, చివరికి ఒలుచుకుని తిన్నాడు.

సరిగ్గా అప్పుడే విజయ్ కుమార్ ఫోన్ చేశాడు. ఆయన పెనుకొండలో కొండెక్కే టీముకు జెండా ఊపి, నీడన కూర్చుని, టీవీలో తన శాఖ పరువు తాడు మీద ఊరేగడం చూసి, అప్పటికే జీపులో ఊరి దగ్గరిదాకా వచ్చేశాడు.

"ఎవరిచ్చారమ్మా పర్మిషను?"

"మీరే సార్."

"నేనా! నేను పిలవద్దన్నా గానీ లాగమన్నానా? బండి ఆడే ఆపండి. దగ్గర్లోనే ఉన్నా, వస్తున్నా. ఆ డబ్బంతా సీజ్! మొత్తం టీమంతా సస్పెన్షన్!"

స్పీకరులో ఆ మాటలన్నీ చుట్టూ ఉన్నవాళ్లకు వినబడ్డాయి. నల్లప్ప మోకు వదిలేసి కింద కూలబడ్డాడు. అన్నమ్మ వెనకనుంచి పరుగున వచ్చింది. గొడుగు జారి ఎక్కడో పడిపోయింది.

"అన్నా, నాకేమీ వద్దు. వేళ్లు ఇట్లే ఉండనీ. నా కోసం ఇంతమంది కూడు పోగొట్టుకోవద్దండి." ఆమె ముడుచుకుపోయిన ఆ చేతుల్ని జోడించబోయింది. అవి కలవలేదు. నల్లప్ప లేచి ఆ చేతుల్ని పట్టుకున్నాడు.

అతను నోరు తెరిచేలోపే బండిలో వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. పెనుకొండ రోడ్డులో, ఊరికి దగ్గర్లోనే, ఎండుగడ్డి అంటుకుంది. పక్కన వాహనం కూడా ఉంది.

ఫైర్ వాళ్లకు ఈ మాట చెవిన పడితే సస్పెన్షనూ గుర్తుండదు, ఏడుపూ గుర్తుండదు. హెల్మెట్లు కావాలి, వాటినిండా నోట్లు! నల్లప్ప వాటిని అన్నమ్మ కొంగులో గుమ్మరించి, హెల్మెట్టు నెత్తిన పెట్టుకుని, మోకు విప్పి బండిలో పడేసి ఎక్కాడు. శామ్యూల్ తాళం తిప్పాడు. బండి ఒక్క కేకతో లేచి, సైరను మోగిస్తూ జనాన్ని చీల్చుకుని పోయింది.

వీధి నోరు తెరిచింది.

"డీజిల్ ఉండాదే!" అన్నాడు జయరామయ్య. మరుక్షణం ఆయన ముఖం ఎర్రబడింది. "మోసం! మనల్ని ఎర్రోళ్లను చేసి దుడ్లు గుంజినారప్పా! పట్టుకోండి!"

పట్టుకోవడానికి జనమంతా బండి వెనకాల పరుగెత్తారు. వెనకాల పరుగెత్తారు గనకనే, పొద్దుటినుంచి మొదటిసారి దాని వీపు చూశారు. జయరామయ్యే పైకి చదివాడు. "అన్నమ్మ చేతుల కోసం..." అని, ఆగిపోయాడు. ఆమె ఈడ్చిన సిలిండరు తన దుకాణం గోడకు ఎంత దగ్గరగా ఉందో ఆయనకు బాగా తెలుసు. ఆ రోజు ఆమె మీద ఒక దుప్పటి కప్పి, తర్వాత వ్యాపారంలో పడి మర్చిపోయాడు.

వెనక్కి తిరిగితే నడిరోడ్డు మీద అన్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. వేళ్లతో పట్టుకోలేక, రెండు మణికట్ల మధ్య కొంగు మూట అదిమిపెట్టుకుని, "మీవి మీరు తీసుకోండన్నా," అంది.

జయరామయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. "తీసుకునేదేంది తల్లీ! నీ దయతోనే గదా నా అంగడి ఉండాది!" అని దుకాణంలోకి పరుగెత్తి, గల్లాపెట్టె సొరుగునే ఊడబెరుక్కుని వచ్చాడు. ఆయన ఇచ్చాక ఆ వరుసలో ఇవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అక్కడ పెనుకొండ రోడ్డులో మంట చిన్నదేమీ కాదు. పొగలో ఒక జీపు, దాని పక్కన కానుగ కొమ్మ పట్టుకుని నిప్పును బాదుతున్న ఒక మనిషి. ముఖం నల్లగా మసిబారింది, చొక్కా బయటికొచ్చింది.

"పక్కకు రాప్పా!" అని నల్లప్ప ఆయన్ను రెక్క పట్టి ఈడ్చేశాడు. నిండు ట్యాంకు నీళ్లు విరుచుకుపడ్డాయి. చూస్తుండగానే మంట చచ్చింది, జీపు దక్కింది. మసి కడుక్కున్నాక చూస్తే, ఆయన విజయ్ కుమార్.

"సార్!" అంది ప్రియదర్శిని సెల్యూట్ కొడుతూ. "జీపు ఎందుకాగింది సార్?"

విజయ్ కుమార్ ఆకాశం చూశాడు, పొలాలు చూశాడు. ఆయన డ్రైవరు, బీడీ ముట్టించిన అగ్గిపుల్లను గడ్డిలోకి విసిరిన పుణ్యాత్ముడు, తల గోక్కుంటూ చెప్పాడు. "డీజిల్ అయిపోయింది మేడం."

చాలాసేపు ఎవరూ నవ్వలేదు. అది ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. చివరికి శామ్యూల్ వినయంగా అన్నాడు, "మోకు ఉండాది సార్."

చాటుగా, సందుల్లోంచి లాక్కుపొమ్మని విజయ్ కుమార్ బతిమాలాడు. ఫైరింజను సందుల్లో పట్టదు. మార్కెట్ వీధిలోకి వచ్చేసరికి జనం రెట్టింపయ్యారు. బండిని ఆపి, మోకును బండినుంచి విప్పి, "అన్నమ్మ కోసం!" అని అరుస్తూ జీపును వాళ్లే లాగడం మొదలుపెట్టారు. ముందు జయరామయ్య, పక్కన రెండు పార్టీల వాళ్లు. రామాంజినమ్మ అవ్వ విసిరిన అరటిపండు ఈసారి విజయ్ కుమార్ ఒళ్లో పడింది.

టీవీ వాళ్లు మైకు పెట్టారు. "సార్, మీ బండ్లలో డీజిల్ లేదంట, నిజమేనా?"

విజయ్ కుమార్ తనను లాగుతున్న మోకు చూశాడు. నీడన వరసగా పెట్టిన డీజిల్ క్యాన్లు చూశాడు. నోట్ల మూటను గుండెకు అదుముకున్న అన్నమ్మను చూశాడు. ఎంతైనా తెలివైన మనిషి.

"ఎవరన్నారు లేదని? ఇది ఒక చెల్లెలి కోసం మా శాఖ చేస్తున్న సేవ. బండినే కాదు, నా జీపును కూడా లాగమని చెప్పింది నేనే!" అని జేబులోంచి పర్సు తీసి, పర్సుతో సహా కొంగులో వేశాడు. వీధంతా ఈలలతో మోగింది. నల్లప్ప ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. అవ్వ అన్నమ్మ చేతులకు దవనం చుట్టి ముద్దు పెట్టుకుంది.

ఆ నెలలోనే ఆపరేషన్ జరిగింది. ధర్మవరం వాళ్లు సంగటి కెలికారు, పెనుకొండ వాళ్లు కోడి వండారు, హిందూపురం వాళ్లు కాలు మీద కాలేసుకుని ఉప్పు చాలలేదన్నారు. అన్నమ్మ వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకుని, కొట్టు మళ్లీ తెరిచిన రోజు, తొలి దోసెను ఆమె తన చేత్తోనే తిరగేసింది. జయరామయ్య చప్పట్లు కొట్టాడు. నల్లప్ప ఆ దోసె తనదేనని పోట్లాడాడు.

విజయ్ కుమార్ కూడా వచ్చి, కడుపు నిండా తిని, ఆమెను మనసారా మెచ్చుకున్నాడు. జీపును మాత్రం, ఎవరూ లాగకుండానే కదిలేలా, పల్లం చూసి నిలిపించాడు.