మృగరాజు పాడిన రెండు కళావర్లు

ఒక పెద్ద అడవిలో తగవులొస్తే కొరుక్కోవడం మానేసి బ్రిడ్జి ఆడి తేల్చుకునేవారు. నవ్వకండి. కొరుక్కుంటే ఒకరిద్దరు పోతారు, పేకాటలో అయితే పరువు ఒక్కటే పోతుంది కదా అని పెద్దలు తీర్మానించారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవికీ, కొండవతల తోడేళ్ళకీ మధ్యనున్న మడుగులో తప్ప దగ్గర్లో ఎక్కడా చుక్క నీరు లేదు. ఆటలో గెలిచినవాళ్ళదే వేసవంతా మడుగు. ఓడినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్న నదికి నడవాలి.

చుక్కల దుప్పికి అప్పుడే పిల్ల పుట్టింది. దానికి సరిగ్గా నిలబడ్డమే రాదు, నది దాకా ఏం నడుస్తుంది? ఈ సంగతి అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు, ఆ అడవిలో అలాంటి అలవాటు లేదు.

మృగరాజు కొలువులో ఒక మాటన్నాక ఇంకెవరూ నోరెత్తకూడదు. ఎద్దు ఈనిందని ఆయనంటే, దూడని గాటన కట్టెయ్యడానికి తాడు తెచ్చేవారు. మొన్నటికి మొన్న "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి" అన్నాడు. దాహంతో తొండం వేలాడేసుకున్న ఏనుగు కూడా "చిత్తం" అంది.

ఎదురు చెప్పేది ముళ్ళపంది ఒక్కటే. ఆటలో సింహానికి జోడీ అదే. అడవిలో దానంతటి ఆటగాడు లేదు కాబట్టి దాని నోటిని భరించేవారు.

బ్రిడ్జి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. జోడీలు ఎదురెదురుగా కూర్చుంటారు. ముక్కలు చూపించుకోకూడదు, ఏ రంగులో ఎన్ని పట్లు పట్టగలరో పాట పాడాలి. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, మొత్తం పదమూడు; పాడిన అంకెకి ఆరు కలిపి అన్ని పట్లు పట్టాలి. తర్వాత పాడేవాడు ముందువాడి కన్నా పైపాట పాడాలి, లేదా పాస్ అనాలి. వరసగా ముగ్గురు పాస్ అంటే ఆ చివరి పాటే ఖాయం, ఆ రంగే తురుఫు, అంటే మిగతా రంగుల్ని కోసేది.

సింహంతో చిక్కేమిటంటే, మంచి ముక్కలు పడగానే "ఏడు ఇస్పేట్లు!" అని గర్జించేవాడు. ఏడంటే మొత్తం పట్లన్నీ పట్టాలి. ఒక్కటి తప్పినా ఓటమే. ఎప్పుడూ ఒకటి తప్పేది.

"అయ్యా, బలం లేనివాడు అరుస్తాడు. బలమున్నవాడు కింద నుంచి మెల్లిగా రావాలి" అంది ముళ్ళపంది. "మీరు తిన్నగా ఏడులోకి దూకేస్తే నా దగ్గరేముందో నేనెక్కడ చెప్పను?"

"మరేం చెయ్యమంటావు?"

"చేతినిండా ఆసులూ రాజులూ వస్తే 'రెండు కళావర్లు' అనండి. మీ దగ్గర కళావర్లు ఉండక్కర్లేదు. 'నా దగ్గర చాలా ఉంది, నీ సంగతేమిటి, మధ్యలో ఆపకు' అని దానర్థం. నా చేతిలో చెత్త ఉన్నా సరే, పాస్ అనకూడదు. కనీసం 'రెండు డైమన్లు' అనాలి. డైమన్లు కళావర్ల కన్నా ఒక మెట్టు పైన కదా."

ఉన్నమాట చెప్పాలి, సింహం నేర్చుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏమీ అడిగి ఎరగడు పాపం. బండ చాటుకెళ్ళి "రెండు కళావర్లు, రెండు కళావర్లు" అని మెత్తగా అనడం సాధన చేశాడు.

ఇక నక్క. అది కొలువులో కార్యదర్శి. గెలిస్తే రాజుగారి జోడీకే మడుగు పెత్తనమని అందరూ అనుకుంటున్నారు. నక్కకి నిద్ర పట్టలేదు.

"ప్రభూ, చెప్పకూడదు గానీ, ముళ్ళపంది నలుగురిలో తమ మీద పైపాట పాడుతోంది" అంది. "తమరు మూడంటే అది నాలుగంటోంది. నేనెన్నడైనా తమ మాట మీద మాటన్నానా?"

సింహం ఆలోచించాడు. నిజమే, ఎన్నడూ అనలేదు. మర్నాడు ముళ్ళపందిని దుంపలు తవ్వే పనిలో పెట్టి, నక్కని జోడీగా కూర్చోబెట్టారు.

"రెండు కళావర్ల సంగతి గుర్తుందా?" అనడిగింది ముళ్ళపంది.

"నాకా పాఠం చెబుతావు? 'నా దగ్గర చాలా ఉంది, నీ సంగతేమిటి, ఆపకు.' చాలా?" అంది నక్క. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆట రోజున ఇరుపక్షాలూ సరిసమానంగా వచ్చి, చివరి పంపకం మిగిలింది. సింహం ముక్కలు విప్పి చూశాడు. ఇస్పేట్లలో ఆసు నుంచి వరసగా ఆరు. ఆఠీన్లలో ఆసు, రాజు, రాణి. డైమన్లలో ఆసు, రాజు. కళావర్లు మాత్రం రెండు చిల్లర ముక్కలు. గర్జన గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

"రెండు కళావర్లు" అన్నాడు, ఎంత మెత్తగా అన్నాడంటే దుప్పిపిల్ల కూడా బెదరలేదు.

మొదటి తోడేలు పాస్ అంది. అందరూ నక్క వంక చూశారు.

నక్కకి అంతా తెలుసు. రెండు డైమన్లు అంటే చాలు. నోరు తెరిచింది. ఎదురుగా రాజుగారు తననే చూస్తున్నాడు. ఆయన రెండు కళావర్లన్నాక, ఇంత కొలువు చూస్తుండగా, దానికి పైపాట తను పాడాలి. ముక్కలు బోర్లించి చేతులు జోడించింది.

"చిత్తం ప్రభూ. పాస్" అంది.

రెండో తోడేలు చేతిలో ఆసు నుంచి వరసగా ఏడు కళావర్లున్నాయి. నవ్వాపుకోలేక దగ్గి, "పాస్" అంది.

"ఏమైందక్కా?" అంది దుప్పి.

"మన కొంప మునిగింది చెల్లీ" అంది ముళ్ళపంది.

కళావర్లే తురుఫు అయ్యాయి. ఎనిమిది పట్లు కావాలి. తోడేలు తన ఏడు కళావర్లూ ఒక్కొక్కటే దించింది. రెండు చిల్లర ముక్కలూ అయిపోయాక సింహం తన రాజుల్నీ రాణుల్నీ తన చేత్తోనే పారేసుకున్నాడు. మిగిలినవి ఆరు పట్లు. ఆట పోయింది, మడుగూ పోయింది.

"ఎందుకాపావోయ్!" గర్జించాడు సింహం. "నేను నిన్ను అడిగాను కదా!"

నక్క చెవులు మూసుకుంది. "శివశివా! తమరు అడగడమేమిటి ప్రభూ, సెలవివ్వడం గానీ! మడుగు ఈ వేసవి కాకపోతే పై వేసవికి వస్తుంది. తమ మాటకి పైన మాట్లాడే నోరు నాకు దేవుడివ్వలేదు."

"నేనైతే పాడేదాన్ని" అంది ముళ్ళపంది. "నాలుగు ఇస్పేట్లకి తీసుకెళ్ళేదాన్ని, గెలిచేవాళ్ళం."

సింహం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి కోపం దిగింది. "విన్నారా? నా మీద పాడేదట!" అన్నాడు కొలువు వైపు తిరిగి. కొలువంతా "చిత్తం" అంది. సాయంత్రానికి నక్క మంత్రయింది, ముళ్ళపందికి దేశబహిష్కారం.

దుప్పి పిల్లని ముక్కుతో తోసుకుంటూ నది దారి పట్టింది. పిల్ల కాస్త నడిచి కూలబడింది. తల్లి లేపింది. మళ్ళీ కూలబడింది. ఇక ఆ దారి సంగతి అడక్కండి.

నీతి: రాజుగారు నోరు తెరిచి అడిగినా సరే జవాబు చెప్పకండి, నీళ్ళు పోతే పోతాయి, పదవి దక్కుతుంది.