గోడ దూకిన పిల్ల

ఆ ఆదివారం కోసం సంజన వేసుకున్న పథకం చాలా చిన్నది. గంట మోగకముందే లేవాలి, దుప్పట్లో దూరి నవల చివరి భాగం పూర్తి చేయాలి, బాపు వచ్చేసరికి పెట్టె సర్దుకుని తయారుగా ఉండాలి. ఏడో తరగతికి బోధన్ దగ్గరి బాలికల హాస్టల్‌లో చేరి నెల తిరగలేదు, పోయిన వారం ఫోన్‌లో ఒకటే ఏడుపు. "బాపూ, నేనీడ ఉండ. అచ్చి తీస్కపో." నందిపేట్‌లో పసుపు చేనులో కలుపు తీయిస్తున్న తండ్రి రాజారాం మనసు చివుక్కుమంది. ఐతారం వస్తానని మాటిచ్చాడు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. హాస్టల్ అల్మారాలో అట్ట ఊడిన పాత నవల ఒకటి సంజన చేతికి చిక్కింది. ఊరు వదిలి హాస్టల్‌కు వచ్చిన ఒక పిల్ల కథ. ఆ పిల్లకూ అక్కడి అన్నం సయించదు, ఆ పిల్లకూ ఇల్లే గుర్తుకొస్తుంది. చదువుతూ చదువుతూ సంజన ఏడవడమే మర్చిపోయింది. ఇప్పుడు ఇంటికి పోవాలని లేదు. కానీ అంత ఏడ్చి రప్పించిన బాపుకు ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

పథకం మొదట్లోనే బెడిసికొట్టింది. దుప్పట్లో టార్చి వెలుగు చూసి వార్డెన్ ఎస్తర్ మేడమ్ పుస్తకం లాక్కుంది. "పొద్దుగాల్నే నవలలా? ముందు గిది పిల్లలు సదివేదో కాదో నేను సూడాలె." చర్చికి పోవడానికి ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా ఉన్న మేడమ్, గంట కొట్టేలోపు ఒక్క పేజీ చూద్దామని వరండాలో కుర్చీ వేసుకుంది. ఆమె కూడా హాస్టల్లో పెరిగిన పిల్లే. ఆ ఒక్క పేజీ ఒక్క పేజీతో ఆగలేదు.

గంట మోగలేదు. ఆదివారం కాబట్టి పిల్లలెవరూ అభ్యంతరం చెప్పలేదు. గంట కొడితేనే వడ్డించే వంటమనిషి నాగవ్వ ఉప్మా మీద మూత పెట్టి కూర్చుంది. గంట కొడితేనే గేటు తీసే వాచ్‌మన్ భోజన్న గేటు తీయలేదు. పిల్లలను చూడటానికి వచ్చి, బయట తిండి డబ్బాలు పట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రులు మాత్రం ఊరుకోలేదు. అందరికంటే ముందున్నది రాజారాం.

"లోపట ఏమన్న అయిందా భోజన్నా? జర అడిగి రాపో."

భోజన్న పోయేసరికి మేడమ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "ఏమైంది మేడమ్?"

మేడమ్ తల ఎత్తలేదు. "పిల్ల పోయింది భోజన్నా. గోడ దూకి పోయింది. ఒక్కతే, వానల."

"ఎందుకు పోయింది?"

"ఇంటి మీద మనసు గుంజింది. పాపం, ఎవ్వరు పట్టించుకోలే."

ఇంకొక్క ప్రశ్న అడిగితే అంతా అక్కడితో తేలిపోయేది. భోజన్న అడిగే మనిషి కాదు, ఉరికే మనిషి. గేటు దాకా ఉరికి విన్నది విన్నట్టు చెప్పాడు. ఇంటి మీద మనసు గుంజిందనగానే రాజారాం చేతిలోని డబ్బా కిందపడింది. "నా బిడ్డనే." నాగవ్వ వెళ్లి చూస్తే సంజన మంచం ఖాళీ. దాని మీద సర్దిన పెట్టె ఉంది. "పెట్టె గూడ ఇడిసిపెట్టి పోయింది" అని నాగవ్వ నెత్తి కొట్టుకుంది.

హాస్టల్ గోడ దాటితే చెరకు తోట, మనిషి మునిగేంత ఎత్తు. రాజారాం "సంజనా" అని అరుస్తూ అందులో పడ్డాడు. వెనుక తండ్రులు, వాళ్ల వెనుక తల్లులు. చెరకు విరుగుతున్న చప్పుడు విని తోట ఆసామి లింబయ్య, పందులు పడ్డాయనుకుని రేకు డబ్బా వాయిస్తూ ఎదురొచ్చాడు. ఎవరో పిల్ల జాడ చూసి పిలుస్తున్నారనుకుని అందరూ అటే ఉరికారు. అంత పెద్ద మందను పుట్టి బుద్ధెరిగాక చూడని లింబయ్య వెనక్కి తిరిగి పరుగెత్తి, పరుగెత్తి, నిజాంసాగర్ కాలువలో పడ్డాడు.

నీళ్ల చప్పుడు వినగానే రాజారాం ప్రాణం పోయినంత పనైంది. "బిడ్డా" అంటూ దూకాడు. నీళ్లు నడుము దాకే ఉన్నాయి. చేతికందిన జుట్టు పట్టుకుని పైకి లాగితే లింబయ్య వచ్చాడు. "నీ చెరుకు నేను తినలే, నా పిల్ల పోయింది" అని రాజారాం గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే, లింబయ్య కోపం మర్చిపోయి వెతకడానికి తానూ వెంట వచ్చాడు.

మేడమ్‌ను నిలదీయాలని అందరూ హాస్టల్‌కు వచ్చారు, రాజారాం, లింబయ్య నీళ్లోడుతూ. వరండాలో మేడమ్ చదువుతూనే ఉంది. ఆమె వెనుక, ఆఫీసు గది కిటికీ ఊచలకు మొహం ఆనించి, భుజం మీదుగా సంజన చదువుతోంది.

"పేజీ తిప్పకుండ్రి మేడమ్, నాదింక గాలే."

"జల్ది సదువు."

రాజారాం ఊచల్లోంచి చేయి పెట్టి బిడ్డ తల నిమిరాడు. "మరి గోడ దూకి పోయింది ఏ పిల్ల?"

మేడమ్ పుస్తకం చూపించింది. అందరూ భోజన్న వైపు చూశారు. ఏదో ఒక పని చేయాలి కాబట్టి భోజన్న పోయి గంట కొట్టాడు.

రాజారాం తిట్టలేదు. తడి చేతులు తువ్వాలకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. "దొరికిందా మేడమ్ గా పిల్ల?"

"మేమింక ఆడిదాక రాలే. మీరే ఆపిండ్రు."

"హాస్టల్ల ఏసిన పిల్ల ఏమైందో తెల్వకుంటే నాకు నిద్ర పట్టది. గిది నేను తీస్కపోత."

"ఈడ సదివే పిల్లల ఇంటోళ్లకే ఇస్తం. మీరు సంజనను తీస్కపోతున్నరు గద."

రాజారాం పెట్టెను చూశాడు, పుస్తకాన్ని చూశాడు. "బిడ్డా, గిది అయ్యేదాక ఉంటవా? అయిపోంగనే పుస్తకం తెచ్చి నిన్ను తీస్కపోత."

సంజన చేతనైనంత దిగాలుగా మొహం పెట్టింది. "సరే బాపు."

నవల చివర ఏముందో తామిద్దరూ చదవనేలేదని మేడమ్‌కూ సంజనకూ గుర్తొచ్చేసరికి నందిపేట్ బస్సు వెళ్లిపోయింది. వారం గడిచాక సంజన ఫోన్ చేసింది. మేడమ్ పక్కనే చెవి పెట్టి నిలబడింది.

"బాపూ, ఏడిదాక అచ్చినవ్? పిల్ల దొరికిందా?"

"ఇప్పుడిప్పుడే ఇంటికాడ పెట్టె సర్దుకుంటున్నది బిడ్డా. కూడబలుక్కొని సదువుతున్న."

ఆ లెక్కన సంజన పదో తరగతి హాస్టల్లోనే పాసయ్యేటట్టుంది.