పెల్లో సిప్పో

ఆ రోజు దానమ్మ పెట్టుకున్న పనులు మూడే. దరఖాస్తు మీద మునసబు గారి చేత సంతకం పెట్టించాలి, అయ్య చేత వేలిముద్ర వేయించాలి, మూడు గంటలకు టపా సంచీ మూతి కట్టేలోగా భోగాపురం పోస్టాఫీసులో ఇచ్చి రావాలి. గడువు ఆ రోజుతో సరి. అరవై ఎనిమిదో సంవత్సరం ఏప్రిల్ నెల, పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. అయ్య అప్పలసూరి తెప్ప వేసుకుని వేటకు పోయాడు, పది దాటితే గాని ఒడ్డుకు రాడు. ఈలోగా మునసబు పని చూసుకురావచ్చని దానమ్మ జడ అల్లుకుంటూ అనుకుంది. మూడే కదా పనులు అనుకున్న రోజునే మనిషి మోసపోతాడు.

చినదిబ్బపాలెం నుంచి విజయనగరం దాకా వెళ్ళి పి.యు.సి. చదువుతున్న పిల్ల దానమ్మ ఒక్కతే. తెలివిగలవాళ్ళు పాలెంలో ఇంకా ఉన్నారు. కానీ బడికీ పాలేనికీ మధ్య ఒక గెడ్డ ఉంది. వానలు పడితే ఆ వాగు నీళ్ళు పిల్లల మెడ దాకా వస్తాయి. అప్పలసూరి వేట మానుకుని మరీ ఐదేళ్ళు కూతుర్ని భుజం మీద కూర్చోబెట్టుకుని ఆ గెడ్డ దాటించాడు. మిగతా పిల్లల తండ్రులకు వేట మానుకుంటే పొయ్యిలో పిల్లి లేవదు. దానమ్మతో పాటు పలక పట్టిన గురమ్మ రెండో తరగతిలోనే ఆగిపోయి, ఇప్పుడు చేపల గంప మోస్తోంది.

ఆ దరఖాస్తు విశాఖపట్నంలోని ఒక సేవాసంస్థది. ఇంట్లో ఎవరికీ అక్షరం రాని కుటుంబాల నుంచి కాలేజీకి వచ్చిన పిల్లలకు వేసవిలో రెండు నెలల ఫెలోషిప్. బడి లేని ఊళ్ళో చదువు చెప్పాలి. ఇరవై మంది పిల్లలు చేరితే జూన్‌లో అక్కడే బడి పెట్టిస్తారు. గెడ్డకు ఇవతల బడి. ఆ మాట చదివిన దగ్గర్నుంచి దానమ్మకు నిద్ర పట్టలేదు. వ్యాసం మూడుసార్లు రాసి చింపి, నాలుగోసారికి మొదటి వాక్యం కుదిరింది: "మా నాన్నకు అక్షరం ముక్క రాదు, నాకు చదువు వచ్చింది ఆయన భుజాల మీదనే."

గుమ్మం దిగుతుంటే నాయనమ్మ మరిడమ్మ ఆపింది. తల్లి పోయిన దానమ్మను పెంచింది ఆ ముసలమ్మే.

"ఏటే గుంటా ఆ కాయితం? నీ పోటో అంటించినారు?"

"ఫెలోషిప్పు మామ్మా. అయ్య ఏలిముద్ర ఎయ్యాల. వొచ్చి సెప్తాను," అని దానమ్మ గబగబా నడిచింది. రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మరిడమ్మకు ఉన్నవి నాలుగు పళ్ళు. ఆ నాలుగింటి మధ్య ఆ మాట అటూ ఇటూ దొర్లి, చివరికి 'పెల్లోసిప్పు' అయి బయటపడింది. అది పట్టుకుని ఆవిడ జోగయ్య దగ్గరికి పోయింది. జోగయ్య విశాఖపట్నం హార్బరులో ఆరు నెలలు మూటలు మోశాడు. అందుచేత పాలెంలో ఇంగ్లీషు వ్యవహారాలన్నీ అతనివే.

"జోగయ్యా, పెల్లోసిప్పంటే ఏటిరా?"

తెలీదు అనడం జోగయ్య ఇంటా వంటా లేదు. వల అల్లుతూనే ఆలోచించాడు. "సిప్పంటే ఓడ, పిన్నీ. ఆర్బర్లో రోజూ సూసినాను. పెల్లంటే నీకు తెలిసిందే."

"రెండూ కలిస్తే?"

"ఓడ మీదోడితో పెల్లి. కాయితం మీద గుంట పోటో ఉన్నాదా?"

"ఉన్నాది."

"అయ్య ఏలిముద్ర అడిగినారా?"

"అడిగినారు."

"ఇంకేటి మరి," అన్నాడు జోగయ్య.

మరిడమ్మ అక్కడే ఇసుకలో కూలబడింది. నలభై ఏళ్ళ కిందట, అప్పలసూరి కడుపులో ఉండగా, కూలీలను పోగేసే ఒక మేస్త్రీ వచ్చి ఆవిడ మొగుడు సూరయ్య చేత ఇలాగే ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. బర్మాలో పనికని రంగం ఓడ ఎక్కించాడు. ఏడాది తిరక్కుండా వస్తానన్న సూరయ్య మళ్ళీ రాలేదు. పోయాడన్న కబురు రాలేదు గనక ఆవిడ బొట్టు తీయలేదు. ఉన్నాడన్న కబురూ రాలేదు గనక నుదుట ఆ బొట్టు పెట్టుకునేటప్పుడు ఎప్పుడూ అద్దం చూసుకోలేదు. తపాలా బంట్రోతు పాలెంలోకి వస్తే ఇప్పటికీ అందరికంటే ముందు ఆవిడే ఎదురెళ్ళి, "రంగం నుంచేనా బాబూ?" అని అడుగుతుంది.

కబురు నూతి దగ్గరికి చేరేసరికి పెళ్ళికొడుకు రంగం వాడయ్యాడు. ఒడ్డుకు చేరేసరికి వాడికి అక్కడ ఒక పెళ్ళాం, ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు.

ఈలోగా గెడ్డ అవతల మునసబు నరసింగరావు గారి స్నానం, పూజ, ఫలహారం అయ్యేదాకా దానమ్మ అరుగు కింద ఎండలో రెండు గంటలు నిలబడింది. ఆయన సంతకం గిలికి, "మీ అయ్యతో చెప్పు, రేపొక మంచి చందువా చేప పంపమని," అన్నాడు. ఒక పని అయిందన్న సంతోషంలో ఆమె దానికి కూడా తలూపింది. తిరిగి వస్తుంటే గెడ్డ దగ్గర పక్క ఊరి డప్పు ఎల్లాజీ కలిశాడు, భుజాన డప్పుతో.

"అమ్మా, మీ అయ్యతో మాటాడ్డానికే ఎల్తన్నాను. నీ పెల్లికి డప్పు నాదే. ఇంకెవుల్నీ పిలవకండి."

"నా పెల్లేటి మావా?"

"అదే, రంగం ఓడ పెల్లి. రేపే ఎల్లిపోతన్నావంట గదా."

పిల్లలు దాటలేని గెడ్డను ఆ కబురు కాళ్ళు తడవకుండా దాటేసింది. దానమ్మ పరుగందుకుంది.

ఒడ్డున పాలెమంతా ఉంది. తెప్ప మీద చేపలు అలాగే ఉన్నాయి, కాకులు తమ వాటా తాము తీసుకుంటున్నాయి. మోకాలి లోతు నీళ్ళలో అప్పలసూరి, అతని చెయ్యి పట్టుకుని మరిడమ్మ. అప్పటికే కొడుకు దోసిట్లో సముద్రం నీళ్ళు పోసి ఒట్టు వేయించుకుంది: ఏ కాగితం మీదా వేలిముద్ర వేయను, గంగమ్మ తోడు.

దానమ్మ రొప్పుతూ అంతా చెప్పింది. ఓడ లేదు, పెళ్ళి లేదు, పిల్లలకు చదువు చెప్పడానికే అంది.

"మరి సిప్పేటి అందులో?" అన్నాడు జోగయ్య, తప్పంతా ఆ మాటదే అన్నట్టు.

మరిడమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "రంగం ఎల్లవా?"

"ఎల్లను మామ్మా."

"ఇక్కడేనా? ఈ ఇసకలోనేనా?"

"ఇక్కడే."

ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఎంత పని సేసినానే. నా సేతుల్తోనే నీ నోటికాడ కూడు తీసీసినాను."

దోసిట్లో నీళ్ళతో చేసిన ఒట్టు తప్పినవాణ్ణి సముద్రం తిరిగి పంపదు. అప్పలసూరి రేపు మళ్ళీ ఆ నీళ్ళ మీదికే పోవాలి. అందుకే దానమ్మ వేలిముద్ర వేయమని అడగలేదు, అడగబోదు కూడా. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియక ఆ కోపం కన్నీళ్ళయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

జోగయ్య ప్రాయశ్చిత్తానికి సిద్ధపడ్డాడు. "కాలేలు ఎయ్యమను. ఒట్టు సేతికే గదా."

"ఏలన్నాక ఏలే," అంది మరిడమ్మ.

"పోనీ నా ఏలు ఎయ్యనా?"

"దొంగ ముద్ర వొద్దు మావా," అంది దానమ్మ.

అప్పుడు అప్పలసూరి అడిగాడు. "ఏలిముద్రే గావాలా? మునసబు రాసినట్టు రాత్తే ఒప్పుకోరా?"

"ఒప్పుకుంటారు. నీకు రాదు గదా అయ్యా."

"నా పేరు ఎన్ని అచ్చరాలే?"

"ఐదు."

"ఐదే గదా," అని అతను తడి ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు.

దానమ్మ రాసింది, అతను దాని మీద వేలు తిప్పాడు. అల వచ్చి తుడిచేసింది, మళ్ళీ రాశారు. 'అ' తొందరగానే లొంగింది. 'ప్ప' కింద ఒత్తు పెట్టడానికి చెమటలు పోశాయి. 'సూ' దగ్గర అతని మొహం వెలిగింది. "ఇది గాలం గదేటే," అన్నాడు. ఆ తర్వాత గాలం తప్పలేదు. చుట్టూ మూగిన పిల్లలు కూడా ఇసుకలో వేళ్ళు పెట్టి గాలాలు గీయసాగారు. దానమ్మ తలెత్తి చూస్తే ఇరవై మందికి పైనే ఉన్నారు.

తెడ్డు పట్టే చెయ్యి కలాన్ని కూడా పిడికిలితోనే పట్టింది. అప్పలసూరి పేరు తన గడి నిండి, 'ఆఫీసు ఉపయోగము కొరకు' అన్న పక్క గడిలోకి కూడా పోయింది. మరిడమ్మ ఆ తడి అక్షరాల మీద మెల్లగా ఊదింది. దానమ్మ భోగాపురం చేరేసరికి సంచీకి తాడు చుడుతున్నారు. కాళ్ళావేళ్ళా పడితే విప్పారు.

మూడు వారాల తర్వాత బంట్రోతు జగన్నాధం రిజిస్టరు ఉత్తరం తెచ్చాడు. మరిడమ్మ ఎదురెళ్ళి తన పాత ప్రశ్న అడిగింది. కాదని జగన్నాధం తన పాత జవాబు చెప్పాడు. దానమ్మకు ఇంకా పద్దెనిమిది నిండలేదు గనక ఉత్తరం తండ్రి పేరన ఉంది. జగన్నాధం అలవాటు కొద్దీ సిరా డబ్బా మూత తీశాడు. అప్పలసూరి దాన్ని పక్కకు నెట్టి, చేతులు తుడుచుకుని, కలం అడిగాడు. సంతకం అయ్యేసరికి జగన్నాధం ఒక బీడీ పూర్తిగా కాల్చాడు.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దానమ్మ మనసులో చదువుకుంది. తండ్రి నిరక్షరాస్యుడని వ్యాసంలో రాశారు. దరఖాస్తు మీద తండ్రి స్వయంగా సంతకం చేశారు. కాబట్టి ఆయన అక్షరాస్యుడని తేలింది. నిరక్షరాస్య కుటుంబాల కోసం పెట్టిన ఈ ఫెలోషిప్‌కు మీరు అర్హులు కారు. ఇకముందు ఇటువంటి తప్పుడు సమాచారం ఇవ్వవద్దు.

జూన్‌లో గెడ్డకు నీళ్ళు వస్తాయి. బడి అవతలే ఉంటుంది.

"ఏటన్నారే?" అన్నాడు అప్పలసూరి.

అతను రాసినందువల్లే పోయిందని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ఈ ఏడు సానామంది అడిగినారంట అయ్యా. మనకి రానేదు."

అతని భుజాలు కుంగాయి. ఆ భుజాలను చూడలేక ఆమె ఇంకొక్క ముక్క చెప్పింది. "గానీ నీ గురించి రాసినారు. నువ్వు సదువొచ్చినోడివని."

"నానా?"

"నువ్వే. కాయితం మీద రాసినారు."

అప్పలసూరి చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి ఉత్తరం తీసుకున్నాడు. "ఏదీ, నా పేరు ఏ పక్కనున్నాది? గాలం కనబడదేటి?"

దానమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. చదువు వచ్చినవాడని రాసి ఉన్న ఆ కాగితాన్ని అతను తలకిందులుగా పట్టుకుని, గాలం కోసం వెతుకుతూనే ఉన్నాడు.